బ్రౌజర్ లేకుండా టెర్మినల్‌లోనే ఏఐ చాట్‌బాట్ వాడొచ్చా? (4 జీబీ ర్యామ్, మిర్చి లెక్కలు)

యార్డు గుమాస్తా, వరంగల్

అందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. దుకాణంలో ఉన్నది పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ మోయలేక మూలుగుతుంటే మా బావమరిది లినక్స్ వేసిచ్చాడు. లిబ్రే ఆఫీస్ ఒక్కటీ తెరిస్తే బాగానే నడుస్తుంది. పక్కన బ్రౌజర్‌లో చాట్‌బాట్ తెరిచానంటే మౌస్ కూడా కదలదు. సీజన్‌లో కాంటా అయిపోయి రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం ఎదురుగా నిలబడి ఉంటాడు, ఇక్కడ స్క్రీన్ బిగుసుకుపోయి ఉంటుంది. ఆ టెన్షన్ నాకు వద్దు.

టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) అంటే భయం లేదు. వెతికే గ్రెప్, వరుసలో పేర్చే సార్ట్ వరకు వచ్చు. కాలమ్‌ల లెక్కలు చేసే ఆక్ అంటే మాత్రం చూసి దండం పెట్టడమే.

అసలు పని ఇది. కొన్ని సీజన్ల లెక్క సీఎస్‌వీ ఫైళ్లలో (కాలమ్‌ల మధ్య కామాలుండే ఫైళ్లు) ఉంది: తేదీ, రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, నికర తూకం, రేటు, హమాలీ, దడ్వాయి (తూకం కూలి), చేతికిచ్చిన మొత్తం. ఒక్కో సీజన్‌లో ఒక్కో మనిషి కొట్టాడు. అందుకని హనుమకొండ, హన్మకొండ, హనంకొండ మూడూ ఉన్నాయి. పరకాల ఉంది, పర్కాల్ ఉంది. రకం దగ్గర తేజ, తేజా, తేజ మిర్చి. మా సేటు అడిగేది ఒక్కటే: ఏ ఊరి నుంచి ఏ రకం ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, సగటున ఎంత రేటు పలికింది? ఎక్సెల్ పద్ధతిలో ఫిల్టర్లు పెట్టి చేస్తే పండగ దాటిపోతుంది.

బ్రౌజర్ లేకుండా టెర్మినల్ నుంచే చాట్‌బాట్‌ను అడిగే దారి ఉందా? ఉంటే ఆ ఫైలు మొత్తం దానికే ఇచ్చి "ఊరి వారీగా కూడి చెప్పు" అనొచ్చా? నెలనెలా డాలర్లలో కట్టమంటే మా సేటు నన్నే తీసేస్తాడు, అది కూడా చూసి చెప్పండి.

హాస్టల్ టెర్మినల్, కాజీపేట

అన్నా, బేషుగ్గా వాడొచ్చు. నీ ర్యామ్‌ను తింటున్నది చాట్‌బాట్ కాదు, బ్రౌజర్. మోడల్ నడిచేది ఎక్కడో వాళ్ల సర్వర్లలో. నీ ల్యాప్‌టాప్ ప్రశ్న పంపాలి, జవాబు అందుకోవాలి, అంతే. ఆ మాత్రం పనికి నీ 4 జీబీలో మూలకు కూడా భారం పడదు.

నేను వాడేది సైమన్ విల్లిసన్ రాసిన "ఎల్ఎల్ఎమ్" అనే పైథాన్ ప్రోగ్రామ్. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టిన వాళ్లలో ఆయనొకరు. పిప్‌ఎక్స్‌తో (పైథాన్ ప్రోగ్రామ్‌లను విడిగా వేసే సాధనం) వేసుకో, సిస్టమ్ పైథాన్ జోలికి పోకుండా ఉంటుంది. తర్వాత ఏపీఐ కీ (ప్రోగ్రామ్ నుంచి మోడల్‌ను వాడుకోవడానికి సర్వీస్ వాళ్లిచ్చే రహస్య కోడ్) ఇవ్వాలి. "ఎల్ఎల్ఎమ్ కీస్ సెట్" అని కొట్టి పక్కన సర్వీస్ పేరు రాస్తే కీ అడుగుతుంది. అతికించేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు, ఎంటర్ కొట్టేయ్. కీని మామూలు కమాండ్‌లో మాత్రం ఎప్పుడూ రాయకు. కొట్టిన కమాండ్లు దాచే బ్యాష్ హిస్టరీ ఫైల్లో అట్లనే పడి ఉంటుంది, ల్యాప్‌టాప్ ఎవరి చేతికి పోతే వాళ్లకు దొరుకుతుంది.

అంతయ్యాక ఎల్ఎల్ఎమ్ అని రాసి కోట్స్‌లో ప్రశ్న పెట్టడమే. ముందటి మాట కొనసాగించాలంటే హైఫన్ సి. మోడల్‌కు సొంతంగా ఏదీ గుర్తుండదు. హైఫన్ సి పెట్టినప్పుడు పాత సంభాషణంతా మళ్లీ పంపిస్తుంది. అందుకే మాట పొడుగైనకొద్దీ టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టుకునే ముక్కలు, లెక్క వీటి మీదే) పెరుగుతాయి. కొత్త పనికి కొత్తగా మొదలుపెట్టు. అడిగినవి, చెప్పినవి అన్నీ నీ మెషీన్‌లోనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో రాసుకుంటుంది. "ఎల్ఎల్ఎమ్ లాగ్స్" అంటే చూపిస్తుంది. మొన్న ఏం అడిగానో వెతుక్కోవడానికి నాకు ఇదే ఎక్కువ పనికొస్తది.

డబ్బు సంగతి: చాట్‌జీపీటీ ప్లస్ కట్టినా ఏపీఐకి చెల్లదు, దానికి వేరే బిల్లు. గూగుల్ వాళ్ల జెమినై ఏపీఐకి ఉచిత కోటా ఉంది, ఎల్ఎల్ఎమ్‌కు జెమినై ప్లగిన్ ఉంది. నీ పనికి అది సరిపోతుంది. ఫైలు ఇవ్వాలంటే క్యాట్ చేసి (ఫైల్లో ఉన్నది బయటికి తీసి), పైప్ పెట్టి (దాన్ని నేరుగా ఎల్ఎల్ఎమ్‌కు అందించి), ప్రశ్న రాసెయ్.

పాతకాపు, హనుమకొండ

పైన తమ్ముడు చెప్పిందంతా కరెక్టే, చివరి వాక్యం తప్ప.

గుమాస్తా గారూ, ఫైలు మొత్తం పంపకండి. అందులో రైతు పేరుంది, ఊరుంది, చేతికెంత వచ్చిందో ఉంది. ఆ సమాచారం రైతుది, మీ దుకాణంలో కూర్చుని ఉందంతే. ఉచిత కోటాలో మనం పంపినదాన్ని తమ ఉత్పత్తులు మెరుగు చేసుకోవడానికి వాడుకోవచ్చని గూగుల్ షరతుల్లోనే రాసుంది. మిర్చి అమ్మి వచ్చి అప్పులవాళ్లకు దొరక్కుండా తిరుగుతున్న మనిషి లెక్క మనం ఎక్కడో పారబోయడం ఎందుకు?

రెండోది, కూడిక. భాషా మోడల్ అంకెలను అంకెల్లా చూడదు, టోకెన్ ముక్కలుగా చూస్తుంది. వేల వరుసల తూకం కూడమంటే ఏదో ఒక సంఖ్య చెబుతుంది, ఎంతో ధీమాగా చెబుతుంది. క్వింటాల్ అటూ ఇటూ అయితే తెలిసేదెట్లా? మళ్లీ మీరే కూడుకోవాలి. కూడడానికి ఆక్ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో 1977లో పుట్టింది. ఇప్పటికీ వరుసకు ఒక్క తప్పు లేకుండా కూడి పెడుతుంది, కరెంటు ఖర్చు తప్ప ఏమీ అడగదు.

మరి చాట్‌బాట్ ఎందుకంటే, ఆక్ రాయడం రానందుకు. దాన్ని గుమాస్తాగా పెట్టుకోకండి, గుమాస్తా మీరు ఉన్నారు. దానిచేత కమాండ్ రాయించుకోండి. శీర్షిక వరుస ఒకటి, ఊహించి రాసిన దొంగ వరుసలు రెండు ఇచ్చి, "నాలుగో కాలమ్ రకం, ఆరోది తూకం, మూడోదాని వారీగా కూడే ఆక్ కమాండ్ రాయి, ఒక్కో ముక్క ఏం చేస్తుందో తెలుగులో చెప్పు" అనండి. అసలు ఫైలు మీద ఆ కమాండ్ నడిపేది మీ ల్యాప్‌టాప్. రైతు పేరు గడప దాటదు.

ఒక చిక్కు ముందే చెబుతా. చేతికిచ్చిన మొత్తం 1,25,000 అని కామాలతో ఉంటే, కామాతో విడగొట్టే ఆక్ దాన్ని మూడు కాలమ్‌లు చేస్తుంది. లిబ్రే ఆఫీస్‌లో మళ్లీ సేవ్ చేసేటప్పుడు కాలమ్‌ల మధ్య కామా బదులు ట్యాబ్ ఎంచుకోండి. "సెల్‌లో కనిపించినట్టే సేవ్ చేయి" అనే టిక్కు తీసేయండి, అంకెలు కామాలు లేకుండా వస్తాయి. ఆక్‌కు ట్యాబ్ అని చెప్పండి.

ఇక ఊళ్ల పేర్లు. ఇక్కడ మాత్రం చాట్‌బాట్ నిజంగా పనికొస్తుంది. హన్మకొండ, హనంకొండ ఒకటేనని ఆక్‌కు తెలియదు. కట్‌తో ఊరి కాలమ్ ఒక్కటే తీసి, సార్ట్ చేసి, యునీక్‌కు హైఫన్ సి పెట్టండి. ఒక్కో పేరు ఎన్నిసార్లుందో జాబితా వస్తుంది. ఆ జాబితా మాత్రమే పంపి "రాసిన పేరు, ఉండాల్సిన పేరు" అని రెండు కాలమ్‌ల పట్టిక అడగండి. ఊళ్ల పేర్లలో దాచాల్సిందేమీ లేదు. వచ్చిన పట్టికను వరుస వరుస మీరే చూసి దిద్దండి, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లు దానికన్నా మీకు తెలుసు. దిద్దాక ఆ పట్టిక చూసుకుని పేరు మార్చి కూడమని ఆక్‌కు చెప్పండి. ఇది కూడా దానిచేతే రాయించుకోవచ్చు.

పట్టిక కలపకముందు మొత్తం బస్తాలు ఎన్నో, కలిపాక అన్నే ఉండాలి. లేకపోతే ఏదో ఊరు జారిపోయినట్టు.

టోకెన్ల మాట వచ్చింది కాబట్టి: తెలుగు ఇదివరకు చాలా ఖరీదు. 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు చూపించిన ఉదాహరణలో ఒకే చిన్న పరిచయ వాక్యాలకు పాత పద్ధతిలో తెలుగుకు 159 టోకెన్లు, కొత్తదానిలో 45. అదే మాటలకు ఇంగ్లిష్‌లో 24. తగ్గింది, సమానం కాలేదు. ఊళ్ల జాబితా ఒక్కటే పంపడం ఇందుకు కూడా మంచిది.

రాత్రి షిఫ్టు, భూపాలపల్లి

నెట్‌కు పంపే గొడవే లేకుండా ఓల్లామా వేసుకుంటే మోడల్ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది కదా? నేను 16 జీబీ మీద వాడుతున్నా, సూపర్.

పాతకాపు, హనుమకొండ

16 జీబీ మీద సూపరే భాయ్. ఆయనకున్నది 4. మెటా వాళ్ల లామా 3.2 లో 1 బిలియన్ పారామీటర్ల మోడల్ డౌన్‌లోడ్ 1.3 జీబీ, అది ఎట్లనో ఎక్కుతుంది. కానీ లామా 3.2 కు మెటా ప్రకటించిన భాషలు ఎనిమిది, అందులో హిందీ ఉంది, తెలుగు లేదు. తెలుగు కాస్త వచ్చిన గూగుల్ జెమ్మా 3 లో 4 బిలియన్‌ది 3.3 జీబీ, ఆ ల్యాప్‌టాప్‌లో కాలు పెట్టగానే ర్యామ్ చాలక డిస్క్‌ను వాడే స్వాప్‌లో పడుతుంది. 8 జీబీ ర్యామ్ వేయించగలిగితే అప్పుడు చూడొచ్చు.

డీటీపీ సెంటర్, హనుమకొండ చౌరస్తా

టెర్మినల్‌లో తెలుగు చూసి గాభరా పడొద్దు అన్నా. అక్షరానికో గడి అని కొలిచే చోట మన ఒత్తులు, గుణింతాలు సర్దుకోవు. ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట కనిపిస్తాయి. లోపల ఉన్న డేటాకు ఏమీ కాదు. జవాబును గ్రేటర్ దేన్ గుర్తుతో ఫైల్లోకి మళ్లించి ఎడిటర్‌లో తెరువు, చక్కగా ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వేసుకో. పోతన 2000 కూడా బాగుంటుంది, మన బమ్మెర ఆయన పేరు మీదిదే.

అసలు చెప్పాలనుకున్నది వేరే. ఊళ్ల జాబితాలో అచ్చం ఒకేలా కనిపించే పేరు రెండుసార్లు వస్తే బుర్ర గోక్కోకు. కొన్ని కీబోర్డులు "నర్సంపేట్‌" లాంటి పొల్లు చివర కనిపించని అక్షరం ఒకటి పెడతాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో యు+200సి. కళ్లకు ఒకే పేరు, సార్ట్‌కు రెండు పేర్లు. అక్షరాలు లెక్కపెట్టే డబ్ల్యూసీకి హైఫన్ ఎమ్ పెట్టి రెండింటి పొడవు చూడు, ఒకటి తేడా వస్తుంది. సెడ్‌తో (వెతికి మార్చే కమాండ్) ముందే తీసెయ్. పెళ్లి కార్డుల్లో పేర్లు వెతికేటప్పుడు మాకు రోజూ ఇదే తంటా.

యార్డు గుమాస్తా, వరంగల్

అందరికీ థాంక్స్. పాతకాపు గారు చెప్పిన దారిలోనే పోయాను. ఉచిత కోటాలోనే అయిపోయింది, సేటుకు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ముందు ఆ కనిపించని అక్షరం తీసేశాను. దాంతోనే ఊళ్ల జాబితా బాగా పొట్టిదైంది. పట్టిక అడిగితే హనుమకొండలన్నీ ఒకటి చేసింది, పరకాల సరిచేసింది. కానీ ధర్మారాన్ని తీసుకెళ్లి ధర్మసాగర్‌లో కలిపేసింది. ధర్మారం గీసుగొండ దిక్కు, ధర్మసాగర్ కాజీపేట అవతల. దానికేం తెలుసు పాపం. శాయంపేట దగ్గర నేనే ఆగిపోయాను. మండలం శాయంపేటా, హనుమకొండలో శాయంపేటా? పేరు చూసి ఎవరూ చెప్పలేరు. రైతు పేరు చూసి, పాత రిజిస్టర్ తీసి సరిచేశాను.

రకాల పట్టిక ఇంకా తమాషా. చపాటా, టమాట మిర్చి అని వేర్వేరుగా పెట్టింది. యార్డులో రెండూ ఒకటే, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందీ దానికే. ఇది చిన్న విషయం. "తేజ తాలు" అని ఉన్నవన్నీ తేజలో కలిపింది చూడండి, అక్కడ గుండె జారింది. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ, దాని రేటు ఎక్కడ, మంచి తేజ రేటు ఎక్కడ! అట్లనే వదిలేస్తే తేజ సగటు రేటు పడిపోయి, సేటు నన్ను నిలబెట్టి అడిగేవాడు. తాలును వేరే రకంగా రాసి మళ్లీ నడిపాను.

సగటు రేటు గురించి ఒక మాట. అది రాసిచ్చిన మొదటి కమాండ్ రేట్లన్నీ కూడి వరుసల సంఖ్యతో భాగించింది. రెండు బస్తాల రైతుకూ, అరవై బస్తాల రైతుకూ ఒకే బరువు. తూకంతో రేటును గుణించి, మొత్తం తూకంతో భాగించాలని చెబితే వెంటనే మార్చింది. అడిగితే మారుస్తుంది, అడగాలని మనకు తెలియాలి, అంతే.

బస్తాల మొత్తం రిజిస్టర్‌తో సరిపోయింది. ఆక్ కమాండ్‌ను ఒక ఫైల్లో పెట్టుకున్నా, వచ్చే సీజన్‌కు చాట్‌బాట్ కూడా అక్కర్లేదు.

పరకాల ఎరువుల షాపు

ఇదే పని నాకు స్టాక్ లెక్కకు కావాలి. నాది విండోస్, దాని టెర్మినల్ పవర్‌షెల్. పవర్‌షెల్‌లో ఎల్ఎల్ఎమ్ వేశా, ఇంగ్లిష్ బాగానే పోతుంది. తెలుగు ఫైలు పైప్ చేస్తే మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే పోతున్నాయి, అది కూడా "మీ ప్రశ్న అర్థం కాలేదు" అంటోంది.

హాస్టల్ టెర్మినల్, కాజీపేట

అన్నా, అది ఎల్ఎల్ఎమ్ తప్పు కాదు. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ 5.1 పైప్‌లో బయటి ప్రోగ్రామ్‌కు ఇంగ్లిష్ అక్షరాలే ఉండే ఆస్కీలోనే పంపుతుంది, అందులో లేని ప్రతి అక్షరం ప్రశ్నార్థకం అయిపోతుంది. డాలర్ అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్ అనే వేరియబుల్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 చెయ్యి, లేదా పవర్‌షెల్ 7 వేసుకో, అందులో మొదటి నుంచే యూటీఎఫ్-8. ఫైలు చదివే గెట్ కంటెంట్‌కు కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పు, 5.1 లో అది కూడా తనంతట తాను ఊహించుకోదు. ఆక్ కావాలంటే మాత్రం డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్) పెట్టుకో, పైన గుమాస్తా అన్న చేసిందంతా అట్లనే నడుస్తుంది.

పరకాల ఎరువుల షాపు

7 వేశా. యూరియా, డీఏపీ తెలుగులోనే పోతున్నాయి. థాంక్స్ తమ్మీ.