2012లో రోమ్నీ ఎందుకు ఓడిపోయాడు: కన్సర్వేటివ్ అయినందుకా, కానందుకా?

కొలంబస్ కన్సర్వేటివ్:

మన తెలుగువాళ్ళ మధ్య రిపబ్లికన్ పార్టీ మాటొస్తే 2012 అధ్యక్ష ఎన్నిక గురించి రెండు వాదనలే తిరుగుతుంటాయి. మా అభ్యర్థి మిట్ రోమ్నీ మరీ కుడివైపుకి జరిగి ఓడిపోయాడని ఒకటి. అతను అసలైన కన్సర్వేటివ్ కాదు కాబట్టే ఓడిపోయాడని రెండోది. నేను కన్సర్వేటివ్‌నే. పన్నులు తక్కువుండాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, కుటుంబమూ చర్చీ గుడీ ఊరి సంఘాలూ బలంగా ఉండాలి అని నమ్మేవాణ్ణి. అయినా ఈ రెండు వాదనలూ నాకు ఎక్కవు. రోమ్నీ ప్రచారమంతా యజమానులతో మాట్లాడింది. ఓట్లేసేది ఎక్కువగా జీతగాళ్ళు. అక్కడే పోయింది.

ఆ ఏడాది జూలైలో వర్జీనియాలోని రోనోక్‌లో ఒబామా ఒక మాట జారాడు. రోడ్లు, వంతెనలు అందరి డబ్బుతో వచ్చాయని చెబుతూ, "మీకు వ్యాపారం ఉంటే, దాన్ని మీరు కట్టలేదు" అనేశాడు. మా పార్టీకి పండగే. ఆగస్టులో టాంపాలో జరిగిన పార్టీ మహాసభలో ఒక రోజంతా "మేమే కట్టాం" అన్న నినాదమే. వేదికెక్కినవాళ్ళలో చాలామంది తాతో నాన్నో వ్యాపారం పెట్టి పైకొచ్చిన కథ చెప్పారు. మంచి కథలే. కానీ అమెరికాలో పనిచేసేవాళ్ళలో సొంత వ్యాపారం మీద బతికేది సుమారు పదిమందిలో ఒకరు. షాపు పెట్టినాయన్ని పొగిడారు సరే, ఆ షాపు కౌంటర్ దగ్గర పదిహేనేళ్ళుగా నిలబడ్డ మనిషికి ఆ రాత్రి టీవీలో ఏం దొరికింది? వారం తిరక్కుండా లేబర్ డే వచ్చింది. హౌస్‌లో (ప్రతినిధుల సభలో) మా పార్టీ నాయకుడు ఎరిక్ కాంటర్ ఆ రోజు కూడా రిస్క్ తీసుకుని వ్యాపారం కట్టినవాళ్ళకే జేజేలు కొడుతూ ట్వీట్ పెట్టాడు. కార్మికుల పండగ రోజున!

ఇక 47 శాతం వీడియో. మేలో బోకా రేటన్‌లో దాతల విందులో రోమ్నీ అన్న మాట, సెప్టెంబర్ 17న బయటపడింది. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టని 47 శాతం మంది ఎలాగూ ఒబామాకే వేస్తారు, వాళ్ళ గురించి ఆలోచించడం నా పని కాదు అన్నాడు. దీన్ని అందరూ మానవత్వం లేని మాటగా చూస్తారు. నాకు అంతకంటే మంటెక్కించేది ఇంకొకటి. అది కన్సర్వేటివ్‌ల చరిత్ర తెలియని మాట. ఆ 47 శాతంలో పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళున్నారు, 65 దాటినవాళ్ళలో 56 శాతం రోమ్నీకే వేశారు. పిల్లలున్న తక్కువ జీతం కుటుంబాలున్నాయి, వాళ్ళని పన్ను పరిధిలోంచి తప్పించింది చాలావరకు మా పార్టీయే. 1986లో రేగన్ పన్నుల సంస్కరణ ఆ పని చేసింది, తర్వాత చిన్న బుష్ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌ని (పిల్లలున్నవాళ్ళకిచ్చే పన్ను తగ్గింపుని) 1000 డాలర్లకి పెంచాడు. మనం గొప్పగా చెప్పుకోవాల్సిన పనిని మన అభ్యర్థే నేరంలా చెప్పాడు.

ఎగ్జిట్ పోల్‌లో ఒక ప్రశ్న ఉంది: అభ్యర్థిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన గుణం ఏది? బలమైన నాయకుడు అన్నవాళ్ళలో రోమ్నీ గెలిచాడు. నా విలువలున్నవాడు అన్నవాళ్ళలోనూ, భవిష్యత్తు గురించి దృష్టి ఉన్నవాడు అన్నవాళ్ళలోనూ గెలిచాడు. "నాలాంటివాళ్ళ గురించి పట్టించుకునేవాడు" అన్నవాళ్ళలో మాత్రం 81-18తో ఒబామా. నాలుగింట మూడు గెలిచి ఎన్నిక ఓడిపోయాడు.

మా ఒహాయో సంగతి చెప్పక్కర్లేదు. 2008 నవంబర్‌లో రోమ్నీ రాసిన వ్యాసానికి "డెట్రాయిట్‌ని దివాలా తీయనివ్వండి" అని శీర్షిక పెట్టింది పత్రికవాళ్ళు. లోపల ఉన్నది పద్ధతి ప్రకారం దివాలా కోర్టు ద్వారా బాగుచేయాలన్న వాదన. 2009లో జీఎమ్, క్రైస్లర్ రెండూ దివాలా కోర్టుకి వెళ్ళే బయటపడ్డాయి కూడా. అయితే టొలీడోలో జీప్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు లోపలి పేరాలు చదవడు కదా. మిట్ వాళ్ళ నాన్న జార్జ్ రోమ్నీ కార్ల కంపెనీ నడిపినవాడు, మిషిగన్ గవర్నర్. ఆ ఇంట్లోంచి వచ్చినవాడికి ఆ శీర్షిక అంటుకోవడం కంటే దురదృష్టం ఏముంటుంది!

పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఆ ప్రైమరీల్లో ఈ సంగతి పట్టుకున్నవాడు రిక్ శాంటోరమ్ ఒక్కడే అని నా అభిప్రాయం. అయోవాలో గెలుపు ప్రసంగం బొగ్గుగని కార్మికుడైన తాత గురించి చేశాడు. డబ్బు లేదు, మాట మీద అదుపు లేదు, నెగ్గలేదు. మీరేమంటారు?


టీ పార్టీ బాబాయ్:

బాగా రాశావు గానీ అసలు సంగతి వదిలేశావు తమ్ముడూ. 2010లో మేము హౌస్‌లో 63 సీట్లు ఎలా పెంచుకున్నాం? ఒబామాకేర్ మీద, అంటే ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం మీద కోపంతో. రెండేళ్ళు తిరిగేసరికి, దేశం మొత్తంలో ఆ చట్టం మీద నోరెత్తలేని ఒకే ఒక్క రిపబ్లికన్‌ని వెతికి మరీ నిలబెట్టాం. 2006లో మసాచుసెట్స్ గవర్నర్‌గా అలాంటి చట్టం మీదే, బీమా కొనకపోతే జరిమానాతో సహా, సంతకం పెట్టింది ఈయనే కదా. కత్తి ఇంట్లో దాచిపెట్టి యుద్ధానికి పోయినట్టుంది వ్యవహారం. శాంటోరమ్ అప్పుడే మొత్తుకున్నాడు, ఒబామా మీదికి పంపడానికి ఇంతకంటే పనికిరాని రిపబ్లికన్ లేడని. ఇక రోమ్నీ సలహాదారుడొచ్చి, ప్రైమరీలు అయిపోయాక ఎచ్-ఎ-స్కెచ్ బొమ్మలా ఊపి కొత్తగా గీసుకోవచ్చని టీవీలోనే చెప్పాడు. మనవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. అంతే.


లెక్కల మాస్టారు:

బాబాయ్ గారూ, ఇంట్లో కూర్చున్నారన్న మాట చాలామంది అంటారు, లెక్క ఒప్పుకోదు. 2008లో మన అభ్యర్థి మెకెయిన్‌కి సుమారు 5.99 కోట్ల ఓట్లు, 2012లో రోమ్నీకి 6.09 కోట్లు. తాము కన్సర్వేటివ్‌లమని చెప్పుకున్నవాళ్ళు ఓటర్లలో 34 శాతం నుంచి 35కి పెరిగారు. వాళ్ళలో మెకెయిన్‌కి 78 శాతం పడితే రోమ్నీకి 82 పడ్డాయి. తెల్లజాతి ఎవాంజెలికల్ క్రైస్తవులు కూడా అంతే, 74 నుంచి 78కి. ఎవరూ అలగలేదు.

అట్లాగని "మధ్యస్థంగా ఉండుంటే గెలిచేవాడు" అనేవాళ్ళకీ ఇబ్బందే. ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లలో రోమ్నీ 50-45తో గెలిచాడు. గెలిచీ మొత్తం మీద నాలుగు శాతం వెనకబడ్డాడు, ఎలక్టోరల్ ఓట్లలో 332-206.


ఎడిసన్ అక్క:

నేను డెమొక్రాట్‌ని, ముందే చెప్పేస్తున్నా. కొలంబస్ గారూ, మీ పోస్ట్‌లో సగం నిజం ఉంది. మిగతా సగం దగ్గరే నాకు పేచీ. రోమ్నీ మాటతీరు బాగాలేదు అన్నట్టు రాశారు. మాటతీరు కాదండీ, సరుకే అది. పన్ను రేట్లన్నీ 20 శాతం తగ్గిస్తానన్నాడు, తను కట్టింది చూస్తే 14 శాతం. పక్కన వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా పాల్ రయాన్‌ని పెట్టుకున్నాడు, ఆయన బడ్జెట్‌లో మెడికేర్‌ని (పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమాని) వోచర్ లాంటి పద్ధతికి మార్చాలని ఉంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఇవన్నీ బాగానే అర్థమయ్యాయి. కన్సర్వేటివ్ ఆర్థిక విధానం అంటే అదే, దాన్ని ఎంత ప్రేమగా చెప్పినా సంపన్నులకే మేలు.

మరొకటి మీరు ముట్టుకోనే లేదు. అక్రమంగా ఉన్నవాళ్ళు బతుకు దొరక్క వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయేలా చేయాలన్నాడు, జనవరి డిబేట్‌లో. హిస్పానిక్ ఓట్లు 71-27. ఆసియా వాళ్ళం 73 శాతం ఒబామాకి వేశాం. మనవాళ్ళలో డాక్టర్లు, మోటెల్ ఓనర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, డబ్బుకి లోటు లేనివాళ్ళే ఎక్కువ. యజమానుల ప్రచారం వల్ల ఓడిపోతే, మరి మాలాంటివాళ్ళు ఎందుకు వెయ్యలేదు? ఆ పార్టీ మమ్మల్ని తమవాళ్ళుగా చూడదని తెలిసి వెయ్యలేదు.


డాలస్ బావ:

ఇన్ని సిద్ధాంతాలు అక్కర్లేదు బాస్. అక్టోబర్ 3న డెన్వర్ డిబేట్‌లో ఒబామాని చితక్కొట్టాడు, ఊపు వచ్చింది. నెలాఖరులో శాండీ తుఫాను వచ్చింది, న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ, మనవాడే, ఒబామాని మెచ్చుకున్నాడు, ఊపు పోయింది. ఎన్నికల రోజున ఎవరు ఓటేశారో చూసుకోవడానికి వాలంటీర్లకి ఇచ్చిన ఓర్కా యాప్ కుప్పకూలింది. ఐటీ వాళ్ళం కాబట్టి చెప్తున్నా, సరిగ్గా టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెడితే అంతే!


ప్రయారిటీ డేట్ 2012:

ఇక్కడ అందరూ పౌరులే అనుకుంటా, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాడి మాట కూడా వినండి. మాస్టర్స్, పీహెచ్‌డీ పట్టాలకి గ్రీన్‌కార్డ్ స్టేపుల్ చేసి ఇస్తానన్నది ఎవరు? రోమ్నీ. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులకి దేశాలవారీ కోటా తీసేసే బిల్లు 2011 నవంబర్‌లో 389-15తో పాసైంది రిపబ్లికన్ హౌస్‌లో. తర్వాత సెనేట్‌లో ఆగిపోయింది, అది వేరే ఏడుపు.

అన్నా, మీరు వద్దంటున్న ఆ యజమానుల పార్టీయే మాకు కాస్త మేలు. మీరు కోరుకున్నట్టు పార్టీ జీతగాళ్ళ వైపు తిరిగాక ఏమైంది? మా ఉద్యోగాలు వాళ్ళ ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నాయట. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. మా తమ్ముడు హైదరాబాద్‌లో టెన్షన్‌తో కూర్చున్నాడు. మీ సిద్ధాంతం గెలిస్తే బిల్లు మాకు వస్తోంది.


కొలంబస్ కన్సర్వేటివ్:

ఒక్కొక్కరికీ చెప్తా.

బావా, ఓర్కా నిజమే. కానీ ఒహాయోలో తేడా లక్షా 66 వేల ఓట్లు, యాప్ పనిచేసినా అంత పూడ్చదు. శాండీ సంగతీ అంతే, ఒహాయో సర్వేల్లో ఒబామా తుఫానుకి ముందు నుంచే ముందున్నాడు.

బాబాయ్ గారికి మాస్టారు చెప్పేశారు. ఒబామాకేర్ మీద గట్టిగా పోరాడలేకపోయాడు, ఒప్పుకుంటా. అయితే బీమా లేని మనిషి దగ్గరికెళ్ళి "రద్దు చేస్తాం" అంటే, "దాని బదులు ఏమిస్తావు?" అని అడుగుతాడు. దానికి 2012లో మా పార్టీలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు, రోమ్నీ ఒక్కడి దగ్గరే కాదు.

అక్కగారూ, సరుకే అది అన్నారు. రేట్లు 20 శాతం తగ్గించడం గురించి నేనూ సమర్థించను. అప్పటికి పై వర్గం పన్ను మా సమస్యల్లో మొదటిది కాదు. కానీ కన్సర్వేటివ్ ఆర్థిక విధానం అంటే అదొక్కటే అంటే ఒప్పుకోను. చైల్డ్ క్రెడిట్, ఫ్యాక్టరీలకి పన్ను మినహాయింపు, ఊళ్ళో ఉద్యోగం ఉండేలా వ్యాపార ఒప్పందాలు, ఇవన్నీ కూడా కన్సర్వేటివ్‌లు చెప్పినవే. ఓడిపోయాక 2013 మార్చిలో పార్టీ పోస్ట్‌మార్టం రిపోర్ట్ రాసుకుంది. ఇమిగ్రేషన్ సంస్కరణకి ఒప్పుకోండి, మాట మెత్తబరచండి అంది. మూడేళ్ళకి ట్రంప్ దాన్ని చెత్తబుట్టలో వేసి, ఫ్యాక్టరీ ఊళ్ళకి వెళ్ళి, ఒహాయో, పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ గెలిచాడు. 2024 మహాసభలో ట్రక్కు డ్రైవర్ల టీమ్‌స్టర్స్ యూనియన్ అధ్యక్షుడు వచ్చి మాట్లాడాడు. టాంపాలో అది ఊహకి కూడా అందేది కాదు. ట్రంప్ నడవడి నాకు నచ్చదు, రోమ్నీ 2016లో యూటాలో ఆయన్ని మోసగాడు అన్నప్పుడు నేను లేచి చప్పట్లు కొట్టాను. నడవడి విషయంలో రోమ్నీది పైచేయి, ఓటరు ఎవరో గుర్తుపట్టడంలో ట్రంప్‌ది.

ఇమిగ్రేషన్ విషయంలో మాత్రం మీ విమర్శకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చిలుకూరి ఉష గారు ఇవాళ వైస్ ప్రెసిడెంట్ భార్య, మమ్మల్ని తమవాళ్ళుగా చూడరన్నది ఆ మేరకి మారింది అనుకుంటాను. మీరు ఒప్పుకోరని తెలుసు.

ప్రయారిటీ డేట్ తమ్ముడూ, నీ ప్రశ్నే అన్నిటికంటే కష్టం. లక్ష డాలర్ల ఫీజు తప్పని నా అభిప్రాయం. కానీ రోమ్నీ స్టేపుల్ మాట యజమానుల మెప్పు కోసం చెప్పింది, జీతగాళ్ళని ఒప్పించి చెప్పింది కాదు. అలాంటి హామీ మొదటి గాలికే ఎగిరిపోతుంది, సెనేట్‌లో జరిగింది అదే. ఇక్కడి ఇంజినీరు కూడా నష్టపోడని అతనికి చూపించగలిగిన రోజు మీ క్యూ కదులుతుంది.


ప్రయారిటీ డేట్ 2012:

ఆ రోజు ఎప్పుడొస్తుందో చెప్పన్నా, క్యాలెండర్‌లో రాసుకుంటా.


ఎడిసన్ అక్క:

ఒక్క ఉష గారితో సరిపోయిందా! మీ ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ సంగతి కూడా రాయండి మరి. 2017లో ఆ దగ్గరున్న యంగ్స్‌టౌన్‌కి వచ్చి ట్రంప్ ఇళ్ళు అమ్ముకోవద్దు, ఉద్యోగాలు తిరిగొస్తున్నాయి అన్నాడు. 2019 మార్చిలో లార్డ్స్‌టౌన్‌లోని జీఎమ్ ఫ్యాక్టరీ మూసేశారు. జీతగాళ్ళ పార్టీ అదే ఏడాది చేసిన పన్నుల చట్టంలో కార్పొరేట్ రేటు 35 నుంచి 21కి దించింది. ఓటరు ఎవరో గుర్తుపట్టాడు సరే, గుర్తుపట్టి ఏం ఇచ్చాడు?


లెక్కల మాస్టారు:

అక్కగారూ, పన్నుల చట్టం 2017 డిసెంబర్‌ది. ఇళ్ళు అమ్ముకోవద్దన్న ఏడాదే, మూసేసిన ఏడాది కాదు.

కొలంబస్ గారికి ఒకటి. విస్కాన్సిన్‌లో 2016లో ట్రంప్‌కి వచ్చిన ఓట్లు 2012లో రోమ్నీకి వచ్చినవాటి కంటే తక్కువ. 14.05 లక్షలు, రోమ్నీకి 14.08. ట్రంప్ గెలిచింది ఒబామా ఓట్లలో రెండు లక్షలకి పైగా హిల్లరీకి రాకపోవడం వల్ల. మీ సిద్ధాంతం అక్కడ నిలబడదు.


కొలంబస్ కన్సర్వేటివ్:

విస్కాన్సిన్‌లో నిలబడదు, మాస్టారూ. మిషిగన్‌లో ట్రంప్‌కి రోమ్నీ కంటే లక్షా 60 వేలు ఎక్కువ, ఒహాయోలో లక్షా 80 వేల దాకా ఎక్కువ. అక్కగారు చెప్పిన లార్డ్స్‌టౌన్ ఉన్నది ట్రంబుల్ కౌంటీలో. 2012లో అక్కడ ఒబామాకి దాదాపు 60 శాతం. 2016లో ట్రంప్ గెలిచాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక 2020లో ఇంకా ఎక్కువ తేడాతో గెలిచాడు. ఎందుకో డెమొక్రాట్లు కూడా ఆ కౌంటీకి వెళ్ళి అడగాలి. మేము 2012లో అడగలేదు.