ఇంటర్‌లాక్ పాడైనప్పుడు రియాక్టరు నడపవచ్చా? మేనేజరు నిర్ణయం రేపటి ప్రశ్నలకు నిలబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (ప్రొడక్షన్ మేనేజరు, బల్క్ డ్రగ్ యూనిట్):

మా యూనిట్లో బాగా వేడి పుట్టే చర్య జరిగే రియాక్టరు ఒకటి ఉంది. ఉష్ణోగ్రత పరిమితి దాటగానే రియేజెంట్ (చర్య కోసం పోసే రసాయనం) ప్రవాహాన్ని తనంతట తానే ఆపవలసిన ఇంటర్‌లాక్ వాల్వు పాడైంది. కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుందంటున్నారు. ఆర్డరు గడువు దగ్గర పడింది కాబట్టి ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి, ఒక ఆపరేటరును నిలబెట్టి చేతి వాల్వుతో నడపమని పైనుంచి ఒత్తిడి వస్తోంది. ఆపితే నష్టం అదే రోజు లెక్కల్లో కనిపిస్తుంది. నడిపి ఏమీ జరగకపోతే ఎవరూ అడగరు. జరిగితే బైపాస్ రిజిస్టరులో కనిపించేది నా సంతకం. అంతకంటే ముఖ్యంగా, రాత్రి షిఫ్టులో ఆ అంతస్తులో పనిచేసేవాళ్లకు ముఖాముఖి వివరించగలిగిన నిర్ణయం తీసుకోవాలని ఉంది. దేన్ని ఆధారం చేసుకోవాలి, ఏమేమి రాసి ఉంచాలి?

సమాధానం 1 (ప్రాసెస్ సేఫ్టీ ఇంజనీరు):

“ఆపరేటరును నిలబెడతాం” అన్న మాట దగ్గరే ముందు ఆగండి. వాల్వు సెకన్లలో చేసే పనిని మనిషి ఎంతసేపట్లో చేయగలడు? ఉష్ణోగ్రత చూపే ప్యానెల్ కింది అంతస్తులో, చేతి వాల్వు పై అంతస్తులో ఉండి, అదే ఆపరేటరు పక్కన సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ కూడా చూసుకుంటూ ఉంటే, తెల్లవారుజామున అలారం మోగినప్పుడు ఏమవుతుందో ఊహకు వదలకుండా వాచీ పట్టుకుని కొలవండి. అలారం మోగిన క్షణం నుంచి వాల్వు పూర్తిగా మూసుకునే వరకు పట్టిన సమయాన్ని, చర్య అదుపు తప్పడానికి పట్టే సమయంతో పోల్చండి. ఆ రెండో అంకె మీ ఆర్ అండ్ డీ వారి కెలోరిమెట్రీ పరీక్షల (చర్యలో ఎంత వేడి, ఎంత వేగంగా పుడుతుందో కొలిచే పరీక్షల) నుంచి రావాలి. ఆ పరీక్షలే జరగలేదంటే ఇక చర్చ అనవసరం, రియాక్టరు నడపకూడదు.

జాగ్రత్త కోసమని రియాక్టరును మరీ చల్లగా ఉంచడం కూడా ప్రమాదమే. చర్య మందగించి, పోసిన రియేజెంట్ అలాగే పేరుకుపోయి, తరవాత ఒక్కసారిగా అందుకుంటే అప్పుడు ఏ వాల్వు మూసినా ప్రయోజనం ఉండదు. అంతకంటే మేలైన దారులున్నాయి: డోసింగ్ ట్యాంకులో (రియాక్టరులోకి రియేజెంట్‌ను పంపే ట్యాంకులో) మొత్తం నింపకుండా, అంతా ఒకేసారి చర్య జరిగినా రియాక్టరు తట్టుకోగలిగినంత వాటానే నింపి, శాంపిల్ చూశాకే తరవాతి వాటా వేయడం, లేదా లైనులో ఆరిఫిస్ ప్లేటు (చిన్న రంధ్రం ఉన్న పలక) బిగించి, వాల్వు ఎంత తెరిచినా ప్రవాహం ఒక హద్దు దాటకుండా చేయడం. ఇవీ మార్పులే కాబట్టి సమీక్ష లేకుండా అమలు చేయకండి.

సమాధానం 2 (న్యాయవాది, పారిశ్రామిక కేసులు):

భోపాల్ దుర్ఘటన తరవాత, 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో చేరిన 7ఏ సెక్షన్, కార్మికుల భద్రతను “సహేతుకంగా ఆచరణసాధ్యమైనంత మేరకు” కాపాడే బాధ్యతను ఆక్యుపయర్ (ఫ్యాక్టరీ మీద అంతిమ అజమాయిషీ ఉన్న వ్యక్తి) మీద పెట్టింది. ఇప్పుడు అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఈ భావన కొనసాగింది. ఇంగ్లండులో 1949లో ఎడ్వర్డ్స్ అనే బొగ్గు గని కార్మికుని మరణంపై వచ్చిన తీర్పు దీనికి మంచి వివరణ ఇచ్చింది: ఒకవైపు ప్రమాదాన్ని, మరోవైపు దాన్ని తప్పించడానికి పట్టే డబ్బు, సమయం, శ్రమను ఉంచి చూడాలి, ఖర్చు ప్రమాదంతో పొంతన లేనంత ఎక్కువైతేనే ఆ జాగ్రత్తను వదిలేయవచ్చు. మూడు వారాల ఉత్పత్తి నష్టాన్ని, రాత్రి షిఫ్టులో ఉండేవారి ప్రాణాలను ఆ త్రాసులో పెట్టి మీరే చూడండి.

ఒకటి మాత్రం స్పష్టంగా తెలుసుకోండి. ఢిల్లీ ఓలియం గ్యాస్ లీక్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించిన సంపూర్ణ బాధ్యత సూత్రం ప్రకారం, ప్రమాదకర పరిశ్రమ నడిపే సంస్థ ఎంత జాగ్రత్త తీసుకున్నా బాధితులకు పరిహారం చెల్లించవలసిందే. మీరు రాసే కాగితం సంస్థను పరిహారం నుంచి తప్పించదు. మీరు వ్యక్తిగా నిర్లక్ష్యం చేశారా లేదా అన్న ప్రశ్నకు మాత్రమే అది జవాబు చెబుతుంది. అందుకే ప్రమాదం తరవాత తయారైన పత్రానికి విలువ ఉండదు.

సమాధానం 3 (సేఫ్టీ ఆఫీసరు):

“ఉత్పత్తి అవసరాల దృష్ట్యా బైపాస్ చేయడమైనది” అన్న ఒక్క వాక్యం చాలా రిజిస్టర్లలో కనిపిస్తుంది. దాన్ని చదివినవారికి ఏమీ తెలియదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర డోసింగ్ ఆపాలి, ఏ తేదీ ఏ గంటకు అనుమతి ముగుస్తుంది, ఇంకే మార్గాలను పరిశీలించి ఎందుకు వద్దనుకున్నారు, చిల్లర్ (చల్లబరిచే యంత్రం), స్టిర్రర్‌కు (కలియబెట్టే యంత్రానికి) డీజిల్ జనరేటర్ బ్యాకప్, రప్చర్ డిస్క్ (ఒత్తిడి మించితే పగిలి దాన్ని బయటికి వదిలే పలక) పనిచేస్తున్నాయని ఎవరు స్వయంగా చూశారు అన్నవి అందులో ఉండాలి. ఈ చివరిది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. భోపాల్‌లో ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం) శీతలీకరణ ఆపేశారు, ఫ్లేర్ టవరు (బయటికి వచ్చే వాయువును కాల్చేసే గోపురం) పైపు విప్పి ఉంది. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఆనాడు ఏదో కారణం చెప్పి ఉంటారు, అన్నిటినీ కలిపి చూసినవారు లేరు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని, శీతలీకరణను రాత్రిళ్లు నడపలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. మీ రియాక్టరు చుట్టూ ఇప్పటికే ఇంకేమైనా బైపాస్‌లో ఉంటే, ఇంకొకటి చేర్చడానికి ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు:

సమయం కొలిచి చూశాం. ఆపరేటరు వాల్వు మూసేసరికి మాకున్న వ్యవధి దాదాపు అయిపోతోంది. వాటాలుగా నింపే పద్ధతిని సమీక్షకు పెట్టి, అంతవరకు ఆ బ్యాచ్ ఆపాను. కానీ “నడపండి” అన్న మాట నాకు ఫోనులోనే వచ్చింది, రాతపూర్వకంగా ఏమీ లేదు.

సమాధానం 3 (సేఫ్టీ ఆఫీసరు):

అయితే ఈ రోజే మెయిల్ పెట్టండి: “మీరు ఫోనులో చెప్పిన ప్రకారం నడపడానికి కొలిచిన ఈ సమయాలు అనుమతించడం లేదు, అందుచేత బ్యాచ్ ఆపాను, సమీక్ష పూర్తయ్యాక తెలియజేస్తాను.” ఆరోపణలు అక్కర్లేదు, అంకెలు చాలు. ప్రతిని ఆక్యుపయర్‌కు, సేఫ్టీ కమిటీకి పంపండి. షిఫ్ట్ ఇన్‌ఛార్జులకు కాంట్రాక్టు కార్మికుల ఎదుటే విషయం చెప్పి, డోసింగ్ లైను చేతి వాల్వుకు తాళం వేసి ట్యాగు కట్టించండి. మీరు సెలవులో ఉన్న రాత్రి ఇంకెవరైనా వచ్చి తెరవమంటే, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసి ఉండాలి.