ఉగాది కుట్టుపనుల ప్రదర్శన: చట్రాలు మనమే చేద్దాం

బనశంకరి నుంచి (ప్రదర్శన బాధ్యత నాది)
అందరికీ నమస్కారం. మన బెంగళూరు తెలుగువాళ్ల ఉగాది సంబరాలకి ఇంకా ఆరు వారాలే ఉంది. ఈసారి హాల్లో ఎండ పడని ఉత్తరం గోడంతా మన ఇళ్లలో ఆడవాళ్లు చేత్తో కుట్టినవే పెడదామని కిందటి మీటింగులో అనుకున్నాం కదా. ఇప్పటికి 24 వచ్చాయి. వీటికి రెడీమేడ్ ఫ్రేములు కొనొద్దనీ, మనమే చెక్కతో చేద్దామనీ నేను పట్టుబడుతున్నాను. కారణం ఉంది.

మా అమ్మ పెళ్లికి ముందు, పోగులు లెక్కపెట్టి కుట్టే మ్యాటీ గుడ్డ మీద ఒక నెమలి కుట్టింది. రెండేళ్ల కిందట దాన్ని ఒక షాపులో ఫ్రేము కట్టమని ఇచ్చాను. వాళ్ల దగ్గరున్న సైజులో పట్టడం లేదని చుట్టూ అంచు కత్తిరించేశారు. అమ్మ పొడి అక్షరాలు, కుట్టిన సంవత్సరం ఆ అంచులోనే ఉన్నాయి. పైగా గుడ్డని అట్టకి జిగురుతో అంటించారు. ఒక వానాకాలం గడిచేసరికి గోధుమరంగు మరకలు తేలాయి. విప్పబోతే నెమలి మెడ దగ్గర నీలం దారాలు జిగురుతో పాటు లేచి వచ్చేశాయి. అమ్మ ‘పోనీలేవే’ అంది, అంతే. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈ 24లో ఒక్కదాని అంచు మీద కూడా కత్తెర పడకూడదు. గుడ్డ ఎంత ఉంటే చట్రం అంత చేద్దాం.

జయనగర్ బాబాయ్ గారి దగ్గర రంపాలు, చిత్రికలు ఉన్నాయని విన్నాను. బాబాయ్ గారూ, ఏ చెక్క తీసుకోమంటారు?

జయనగర్ నుంచి
అమ్మాయ్, సామానంతా ఉంది, వాడుకోండి. టేకు అక్కర్లేదు, ఖర్చు. సిల్వర్ ఓక్ చాలు. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు కాబట్టి ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది. బరువు తక్కువ, చిత్రిక పడితే మంచి మెరుపు వస్తుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చౌకే గానీ ముడులు ఎక్కువ, ముడి దగ్గర మూల కోస్తే చిట్లుతుంది.

మైసూరు రోడ్డు టింబర్ యార్డులకి శనివారం నేనూ వస్తాను. ప్రతి బద్దనీ ఒక చివర కంటికి ఆనించి, తుపాకీ గురి చూసినట్టు పొడుగునా చూసి తీసుకోవాలి. వంపు ఉన్నది ఒక్కటి వచ్చినా ఆ చట్రం గోడకి ఆనదు. ఇంకో మాట, కొన్న రోజే కోయొద్దు. రెండు వారాలు హాలు పక్క గదిలో, మధ్యలో పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి ఉంచండి. పచ్చిదనం ఉన్న చెక్క తర్వాత ఆరి కుంచించుకుంటుంది, మూలలు విచ్చుకుంటాయి.

వైట్‌ఫీల్డ్ నుంచి
అక్కా, ఎన్ని అడుగులు కావాలో చెప్తే నేను ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను.

బనశంకరి నుంచి
తమ్ముడూ, 14 పనులకి 10 x 12 అంగుళాల అట్ట సరిపోతుంది. మన వడ్రంగి మేస్త్రి గారు కోలారు వైపు ఆయన, ఇంట్లో తెలుగే. ఆయన నాకు లెక్క ఇలా చెప్పారు. బద్ద వెడల్పు అంగుళంన్నర. లోపలి అంచున అట్ట, అద్దం కూర్చునే గాడి రెండు నూళ్లు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కుట్టేవాళ్ల నూలు ఒకటి, కోసేవాళ్ల నూలు ఇంకొకటి, రెండూ ఈ పనిలో కలవడం నాకు భలే నచ్చింది.

గాడిలో అట్ట బిగుసుకోకుండా ఒక నూలు వదులు ఇస్తాం. అప్పుడు బయటి అంచు పొడవు, 12 అంగుళాల వైపు 14 అంగుళాల 5 నూళ్లు, 10 అంగుళాల వైపు 12 అంగుళాల 5 నూళ్లు. నాలుగూ కలిపితే 54 అంగుళాలన్నర. రంపం తినేది కలుపుకున్నా పదడుగుల బద్దలో రెండు చట్రాలు వస్తాయి. అంటే ఈ 14కి ఏడు బద్దలు. మిగతా పది తలా ఒక సైజు, వాటికి ఇంకో ఎనిమిది. మొత్తం 15 బద్దలు అడుగు. గాడి అక్కడే మిషన్ మీద తీయించేద్దాం, చేత్తో తీస్తే మనకి ఉగాది దాటిపోతుంది.

మారతహళ్ళి నుంచి
అక్కా, మా అత్తగారు ఇచ్చింది లంబాడీ పని. అద్దాలు, గవ్వలు కుట్టి ఉన్నాయి. మీరు చెప్పే చట్రంలో గాజు పెడితే గవ్వలకి తగులుతుందేమో అని టెన్షన్‌గా ఉంది. గాజు బదులు అక్రిలిక్ పెడితే తేలిక కదా?

బనశంకరి నుంచి
మంచి సంగతి గుర్తుచేశావు. గవ్వలున్నదానికి చట్రం డబ్బాలా లోతుగా ఉండాలి. నీది ఎంత ఎత్తుందో స్కేలు నిలబెట్టి కొలిచి పంపు. అసలు గవ్వలు లేకపోయినా ఏ కుట్టుకీ గాజు తగలకూడదు. ముడుల కుట్టు నలిగిపోతుంది, పైగా గాజు లోపలి వైపు చెమ్మ పడితే నేరుగా దారానికి అంటుతుంది. గాజుకీ గుడ్డకీ మధ్య గాడి చుట్టూ సన్న పుల్లలు పెడతాం. అక్రిలిక్ మాత్రం వద్దు. తుడిచినప్పుడల్లా దానికి స్టాటిక్ పట్టి, వదులు పోగుల్ని పైకి లాగుతుంది.

గుడ్డలు బిగించే పని కుట్టు బృందానిది. జిగురు, డబుల్ టేపు, స్టేప్లర్, ఏవీ వద్దు. గుడ్డని అట్ట మీద పరిచి, పడుగు పేక పోగులు అంచుకి తిన్నగా వచ్చేలా చూసి, అట్ట మందంలోకి స్టెయిన్‌లెస్ గుండుసూదులు గుచ్చండి. మామూలువి తుప్పు పడతాయి. తర్వాత వెనక మడిచిన రెండు అంచుల్నీ గట్టి దారంతో అటూ ఇటూ, మంచానికి నవారు లాగినట్టు లాగి కుట్టాలి. మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి వెళ్లండి, లేకపోతే ఒక మూల ముడత నిలిచిపోతుంది. మడతకి అంచు చాలకపోతే పాత కాటన్ పీలిక జోడించి కుట్టండి. రేపు ఎవరైనా విప్పాలనుకుంటే దారం కోస్తే చాలు, గుడ్డ గుడ్డలా తిరిగి వస్తుంది. అట్ట యాసిడ్ లేని మౌంట్ బోర్డే కావాలి. నేను తెస్తాను.

జయనగర్ నుంచి
అమ్మాయ్, మూలలు అతికేటప్పుడు క్లాంపులు అన్ని లేవు. నాలుగు బద్దలకీ ఫెవికాల్ రాసి చేర్చి, చుట్టూ నులక తాడు కట్టి, పుల్లతో మెలితిప్పితే అన్ని మూలలూ ఒకేసారి బిగుస్తాయి. బిగిశాక మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండూ సమానమైతేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. ఒక రాత్రి, ఒక పగలు కదపొద్దు. 45 డిగ్రీలు కోసినప్పుడు రాలే ముక్కోణపు ముక్కలు పారేయకండి, వెనక మూలలకి ఆసరాగా అతికిద్దాం.

ఇంకొకటి తోచింది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్రా, ఇక్కడ చన్నపట్న బొమ్మలవాళ్లు ఆలె మర అనేదీ ఒకటే చెట్టు. గంటన్నర ప్రయాణం. చట్రాలు తగిలించే గుబ్బలు అక్కడ లక్క పూసినవి చేయిస్తే, మన ఊరూ ఈ ఊరూ రెండూ గోడ మీద ఉన్నట్టే.

బనశంకరి నుంచి
బాబాయ్ గారూ, ఎంత బాగుందండీ. తప్పకుండా చేయిద్దాం.

చివరగా ఒక్క పని గురించి విడిగా చెప్పాలి. మా ఎదురింటి ఆంటీది ధార్వాడ, ఆవిడ మనకి కసూటీ (ఆ వైపు చేత్తో కుట్టే కుట్టుపని) ముక్క ఒకటి ఇచ్చారు. గోపురం, చుట్టూ చిన్న తేర్లు. గవంతి, ముర్గి అనే కుట్లతో కుట్టారు. సూది ఒకసారి ఖాళీలు వదులుతూ వెళ్తుంది, తిరిగొస్తూ అవే ఖాళీలు నింపుతుంది. ఎక్కడా ముడి వేయరు. నిన్న సాయంత్రం కిటికీ దగ్గర దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాను, ఏది ముందో ఏది వెనకో చెప్పలేకపోయాను. దీన్ని అట్టకి బిగిస్తే సగం పని గోడకి అప్పజెప్పినట్టే.

అందుకని దీని చట్రంలో అట్ట ఉండదు. లోపల సన్న చట్రం ఇంకొకటి చేసి, దానికి ఉతికిన తెల్ల కాటన్ గుడ్డ చుట్టి, కసూటీ అంచుని ఆ గుడ్డకి కుట్టేస్తాం. ముందూ వెనకా గాజు. గోడకి కాకుండా హాలు మధ్యలో రెండు తాళ్లతో వేలాడదీద్దాం, జనం చుట్టూ తిరిగి చూస్తారు. ఉగాది కన్నడవాళ్లదీ మనదీ కదా, ఆవిణ్ణి ఆ రోజు దాని పక్కనే కూర్చోబెట్టి కుట్టి చూపించమని అడిగాను, సరేనన్నారు.

కుట్టినవాళ్ల పేరు, ఊరు, ఏ వయసులో కుట్టారో ప్రతి ఒక్కరూ ఈ వారంలోనే రాసి పంపండి. చట్రం వెనక పెన్సిల్‌తో రాస్తాను. శనివారం ఉదయం ఎనిమిదికి బనశంకరి మెట్రో స్టేషన్ బయట కలుద్దాం. వైట్‌ఫీల్డ్ తమ్ముడూ, కారు పైన క్యారియర్ ఉన్నవాళ్లు ఎవరో నువ్వే చూడాలి, పదడుగుల బద్దలు లోపల పట్టవు.

వైట్‌ఫీల్డ్ నుంచి
మా మావయ్య కారుకి ఉందక్కా. తాళ్లు కూడా తెస్తాను.