ఉగాది రోజు పెద్దపేగు క్యాన్సర్ టేబుల్: ఇద్దరు వాలంటీర్లు కావాలి (మెల్‌బోర్న్)

హెల్త్ టీమ్:
అందరికీ నమస్తే. పోయినసారి డాక్టరుగారి ప్రసంగం పెడితే సగం హాలు లేచి భోజనాల లైన్లో నిలబడింది. ఈసారి ప్రసంగం వద్దు. పచ్చడి పంచే చోట ఒక టేబుల్, దాని మీద ఒక కిట్ (విరేచనంలో రక్తం ఉందేమో చూడ్డానికి ఇంట్లోనే శాంపిల్ తీసి పంపేది), ఇద్దరు మనుషులు, అంతే.

చెప్పాల్సింది ఒక్కటే: ఇంట్లో పడున్న కిట్ బయటికి తీయండి. మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న 50–74 ఏళ్లవాళ్లకి ప్రభుత్వమే రెండేళ్లకోసారి ఉచితంగా పోస్టులో పంపుతోంది. పదిమందిలో నలుగురే తిప్పి పంపుతున్నారు. నాదైతే షాంపూ సీసాల వెనకాల ఉండి ఉండి గడువు దాటిపోయింది. డెమోకి అదే తెస్తాను. 45–49 వాళ్లకి మొదటి కిట్ దానంతటది రాదు. 2024 జూలై నుంచి అడిగితే పంపుతున్నారు. మనలో ఎక్కువమందిది ఆ వయసే కాబట్టి అక్కడికక్కడే ఫోన్లో అడిగించేయాలి.

ఫుడ్ టీమ్:
అన్నా, పచ్చడి పక్కన ఆ సంగతులా? మీకో దండం, దూరంగా పెట్టుకోండి.

హెల్త్ టీమ్:
సరే వదినా, చెప్పులు విడిచే చోట పెడతాం. అది దాటకుండా ఎవరూ లోపలికి రాలేరు.

పిల్లల ప్రోగ్రాములు:
మా ఇంట్లో శాంపిల్ ఫ్రిజ్‌లో పెడితే, పెరుగు గిన్నె పక్కన అదేంటని అత్తయ్యగారు తీయించేశారు.

హెల్త్ టీమ్:
అందరిళ్లలో ఇదే గొడవ! రెండుసార్లు తీసిన రెండు ట్యూబులూ పోస్టు చేసేదాకా చల్లగా ఉండాలి, ఫ్రీజర్లో మాత్రం వద్దు. గరాజ్‌లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టమనండి. పుల్లతో పైపైన గీరి, ట్యూబులో దించి మూత నొక్కడమే. చలిమిడి ముద్ద మీద చేసి చూపిస్తా (ఫుడ్ టీమ్ క్షమించాలి).

మన జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అక్క:
రెండు మాటలు కలపండి. రక్తం ఉందని ఉత్తరం వస్తే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి చూస్తారు, పాలిప్స్ (పేగు గోడ మీద పెరిగే చిన్న కండలు) ఉంటే చాలావరకు అప్పుడే తీసేస్తారు. ఇప్పటికే విరేచనంలో రక్తం కనిపిస్తున్నవాళ్లు కిట్ కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మొలలేలే అని కరక్కాయ పొడి వేసుకుంటూ కూర్చునే నాన్నలు మనకి తక్కువ లేరు. విజిట్ మీద వచ్చిన అమ్మానాన్నలకి ఈ కిట్ రాదు, వాళ్ల సంగతి జీపీతో విడిగా మాట్లాడాలి.

హెల్త్ టీమ్:
థాంక్స్ అక్కా. 11 నుంచి 1 దాకా నేనుంటా. ఆ తర్వాత ఎవరు? ఆడవాళ్లు ఒకరుంటే ఆంటీలు మొహమాటపడకుండా అడుగుతారు.

పిల్లల ప్రోగ్రాములు:
నేనొస్తా. మా ఆయన్నీ లాక్కొస్తా. ఆయనకి 47, ముందు ఆయన ఫోనే తీయిద్దాం.