నాపరాళ్ల మిద్దెకు స్మోక్ డిటెక్టర్ అవసరమా?

కడప గృహస్థు:
మాది నాపరాళ్లు కప్పిన పాత మిద్దె. పోయిన నెల ఒక రాత్రి, మెట్ల కింద పెట్టిన ఇన్వర్టర్ దగ్గర వైరు అతుకు వేడెక్కి, ఆనుకుని ఉన్న గోనెసంచి రాజుకుంది. మంట లేదు, పొగ మాత్రం నడవంతా కమ్మింది. మంచినీళ్లకని లేచిన మా అబ్బాయి చూశాడు కాబట్టి బయటపడ్డాము. పక్క గదిలోనే నిద్రపోతున్న నాకు గానీ, ఎనభై ఏళ్లకు దగ్గర పడిన మా నాయనకు గానీ వాసన కూడా తెలియలేదు. స్మోక్ డిటెక్టర్ పెట్టిద్దామని అబ్బాయి అంటున్నాడు. రాతి ఇంటికి అదెందుకని మా అన్న అంటున్నాడు. వాడి చూసినవారు చెప్పగలరు.

అనంతపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
మీ అన్నగారి మాటే నాకు సబబుగా తోస్తోంది. మూడేళ్ల కిందట మేము వంటగది గుమ్మానికి ఎదురుగా ఒకటి బిగించాము. తిరగమాతలో ఎండుమిరపకాయ వేగినా, శుక్రవారం సాంబ్రాణి వేసినా అది ఇల్లు అదిరేలా మోగేది. నెల తిరగకముందే బ్యాటరీ తీసేశాము. మన ఇళ్ల గోడలూ కప్పూ అంటుకునేవి కావు. ఆ డబ్బుతో పాత వైరింగు మార్పించి, మంచి ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే పడిపోయే స్విచ్‌లు) పెట్టించి, వంటగదిలో గ్యాస్ లీక్ డిటెక్టర్ ఒకటి అమర్చుకుంటే మేలని నా అభిప్రాయం.

కర్నూలు, ఎలక్ట్రీషియన్:
మాస్టారూ, వైరింగు గురించి మీరన్నది అక్షరాలా నిజం, కానీ ఎంసీబీ ఉంటే చాలన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. ఎంసీబీ ఓవర్‌లోడ్ అయినప్పుడు, షార్ట్ అయినప్పుడు పడిపోతుంది. వదులైన అతుకు గుండా మామూలు కరెంటే పోతూ అక్కడ వేడి పుట్టిస్తుంటే దానికి ఏమీ తెలియదు. కడప వారింట్లో జరిగింది సరిగ్గా ఇదే. గోడలు అంటుకోవన్నదీ నిజమే, కానీ ఇంట్లో ఫోమ్ పరుపులు, సోఫాలు, ప్లాస్టిక్ కుర్చీలు, బట్టల బీరువాలు ఉన్నాయి. అవి కాలితే వచ్చే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషి మంట తగలకుండానే ప్రాణం పోగొట్టుకోవచ్చు. నిద్రపోతున్న ముక్కును నమ్ముకోలేమని, చెవిని లేపే గంట కావాలని నేను గట్టిగా చెబుతాను.

మాస్టారూ, మీ ఇంట్లో అది ఊరికే మోగడంలో తప్పు యంత్రానిది కాదు, చోటుది. పొయ్యికి కనీసం పదడుగుల దూరం ఉండాలి. వంటగదిలోనే ఏదైనా కావాలనుకుంటే పొగను కాక వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ పెట్టుకోవాలి. స్మోక్ డిటెక్టర్‌ను పడకగదుల్లోనూ, వాటి ముందున్న నడవలోనూ, ప్రతి అంతస్తులోనూ కప్పుకు బిగించాలి. గోడా కప్పూ కలిసే మూలలో గాలి కదలదు కాబట్టి అక్కడికి పొగ ఆలస్యంగా చేరుతుంది. గోడ నుంచి నాలుగంగుళాలైనా ఇవతలికి జరపాలి. ఫ్యాను రెక్క కొసకు మూడడుగుల లోపల పెడితే గాలి పొగను చెదరగొడుతుంది. దూలాలు, దంతెలు బయటికి కనిపించే మిద్దెలో దంతెల నడుమ సందులో కాక దంతె అడుగున బిగించడం మంచిది.

కొనేటప్పుడు చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. తక్కువ ధరకు దొరికే కొన్ని డిటెక్టర్లు ఆఫీసుల్లోని ఫైర్ అలారం ప్యానెల్‌కు కలిపితేనే పనిచేస్తాయి. వాటిని ఇంటి కప్పుకు ఊరికే బిగిస్తే బొమ్మతో సమానం. బ్యాటరీ, మోత రెండూ తనలోనే ఉన్న స్టాండ్ అలోన్ రకాన్ని అడిగి తీసుకోండి. అందులోనూ కాంతితో పొగను గుర్తించే ఫోటోఎలక్ట్రిక్ రకం, కడప వారి గోనెసంచిలా మంట లేకుండా రాజుకునే నిప్పును త్వరగా పట్టుకుంటుంది. అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం వాడే అయొనైజేషన్ రకం భగ్గున లేచే మంటకు చురుకైనదే గానీ, వంట పొగకు ఊరికే మోగేది ఎక్కువగా అదే.

ప్రొద్దుటూరు గృహిణి:
గ్యాస్ డిటెక్టర్‌తో సరిపెట్టుకోవచ్చన్న మాటకు నా జవాబు. అది పొగను పట్టదు, స్మోక్ డిటెక్టర్ గ్యాస్‌ను పట్టదు. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి గ్యాస్ డిటెక్టర్‌ను నేలకు అడుగు ఎత్తులో పెడతారు, స్మోక్ డిటెక్టర్‌ను కప్పుకు పెడతారు. ఒకటి ఉంది కదా అని రెండోది మానుకోవడం సరికాదు.

ఇక దుమ్ము సంగతి. సంక్రాంతికీ దసరాకూ బూజు దులుపుతాము కదా, అప్పుడే స్మోక్ డిటెక్టర్ చుట్టూ వాక్యూమ్‌తోనో మెత్తని బ్రష్షుతోనో శుభ్రం చేస్తే సాలీళ్లు, పురుగులు లోపల చేరవు. పెయింటు వేసేరోజు కవరు తొడిగి, పని అయిపోగానే తీసేయాలి. నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కడం నేను కరెంటు బిల్లు కట్టే రోజున పెట్టుకున్నాను. నిమిషానికొకసారి కీచుమంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. పదేళ్లు నిండితే, మోగుతున్నా సరే, యంత్రాన్నే మార్చాలి. తయారీ తేదీ వెనకవైపు ఉంటుంది.

అనంతపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
చోటు విషయంలో మా తప్పు ఒప్పుకుంటాను. అయినా నా సందేహం ఒకటి తీరలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, స్లాబు కింద ఇంకా ఎక్కువ. ఆ వేడిని ఈ యంత్రం తట్టుకుంటుందా?

కర్నూలు, ఎలక్ట్రీషియన్:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. చాలా ఇంటి మోడళ్ల కాగితంలో 4 నుంచి 38 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. అవి మన పై అంతస్తులకు తగవు. 50 లేదా 55 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసి ఉన్నదే కొనాలి, ఆ కాగితం చూపించలేని దుకాణంలో కొనవద్దు.

కడప గృహస్థు:
అందరికీ ధన్యవాదాలు. రాత్రంతా కూలర్ హోరులో నడవలోని మోత మా నాయనకు వినిపించదు కాబట్టి, ఆయన గదిలో ఒకటి, నడవలో ఒకటి, పై గదిలో ఒకటి పెట్టిస్తున్నాను. ఒకటి మోగితే మూడూ మోగే రకం దొరుకుతుందేమో చూస్తాను. ఇన్వర్టర్‌ను మెట్ల కింద నుంచి వరండాలోకి మార్చే పని ఈ ఆదివారమే.