వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి జగదాంబ, ఆపై సింహాచలం, అరకు: పెద్దవాళ్లతో ఎలా వెళ్లాలి?

ప్రశ్న: కరీంనగర్_కుర్రాడు

నమస్కారం అండి. వచ్చే నెల ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి హైదరాబాద్ నుంచి ఫ్లైట్‌లో వైజాగ్ దిగుతున్నాం. అమ్మ, నాన్న, తమ్ముడు, నేను. రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతిసంచులు. అమ్మకి మోకాళ్ల నొప్పి. బస ఊళ్లో జగదాంబ సెంటర్ దగ్గర. శనివారం సింహాచలం, ఆదివారం రైల్లో అరకు, సోమవారం బీచ్ రోడ్డు, సబ్‌మెరైన్ మ్యూజియం. మంగళవారం మధ్యాహ్నం అమ్మానాన్నలకి తిరుగు ఫ్లైట్. నేనూ తమ్ముడూ అదే రోజు రాత్రి రైలు ఎక్కాలి, టికెట్ మీద మాత్రం విశాఖపట్నం బదులు దువ్వాడ అని ఉంది. అది పొరపాటా?

ఇంకో మూడు సందేహాలు. ఎయిర్‌పోర్టు నుంచి జగదాంబకి బస్సు పనికొస్తుందా? మెట్రో ఏమైనా ఉందా? మహిళలకు బస్సు ఉచితం అన్నారు, అమ్మకి వర్తిస్తుందా?

జవాబు 1: కొత్తరోడ్డు_వాసి

ముందు మెట్రో సంగతి: లేదు. ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది, రైలు మాత్రం నడవట్లేదు.

ఎయిర్‌పోర్టు ఊరికి దూరమేమీ కాదు. ఎన్ఏడీ కొత్తరోడ్డు కూడలి దాటి గాజువాక వెళ్లే జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. రైల్వే స్టేషన్‌కి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పది పన్నెండు, జగదాంబకి ఇంకాస్త. కానీ మీరు దిగేది సాయంత్రం ఆరున్నరకి. గాజువాక వైపు ఫ్యాక్టరీల బస్సులు, షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు నుంచి వచ్చే కంటైనర్ లారీలు, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే బైకులు అన్నీ ఆ గంటలోనే ఎన్ఏడీ దగ్గర కలుస్తాయి. ఫ్లైఓవర్ కట్టాక కూడలి బాగా తెరిపిన పడింది, అయినా కంచరపాలెం వైపు దిగాక బండి మళ్లీ నెమ్మదిస్తుంది. మధ్యాహ్నమైతే అరగంట చాలు. మీకు ముప్పావుగంట నుంచి గంట.

నలుగురికీ, రెండు సూట్‌కేసులకీ ఆటో సరిపోదు. ట్యాక్సీయే. బయటికి వచ్చే ముందే ప్రీపెయిడ్ కౌంటర్‌లో డబ్బు కట్టి చీటీ తీసుకోండి. దాని మీది బండి నంబరు, ముందున్న బండి నంబరు ఒకటేనా చూడండి. చీటీలో డ్రైవర్ భాగాన్ని జగదాంబలో దిగి సామాను దింపుకున్నాకే ఇవ్వండి. దారిలోనే ఇచ్చేస్తే "హోటల్ లోపలి సందులోకి రాను, పైన ఇంత ఇవ్వండి" అని పేచీ వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. యాప్‌లో పిలిస్తే పార్కింగ్ రుసుము చూపించిన రేటులో కలిసిందో లేదో ఎక్కే ముందే అడగండి. గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే. ఊళ్లో ఆటోలకు మీటర్ మీద ఆశ పెట్టుకోకండి. రేటు మాట్లాడుకుని ఎక్కడమే.

ఒక హెచ్చరిక. ఈ రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా. మనం వాడుకునేది అందులో పౌర విమానాల భాగం మాత్రమే. విమానం దిగుతూ ఎక్కుతూ, రన్‌వే పక్కన బస్సులో వెళ్తూ ఫోటోలు, వీడియోలు తీయకూడదు. తమ్ముడికి గట్టిగా చెప్పండి.

అమ్మగారికి వీల్‌చైర్ కావాలని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందే చెప్పి, బుకింగ్‌లో నమోదు చేయించండి. ఛార్జీ ఉండదు. ఏరోబ్రిడ్జి (విమానం తలుపు నుంచి నేరుగా టెర్మినల్‌లోకి నడిచే దారి) దొరకని రోజున విమానం మెట్లు దిగి బస్సెక్కాలి. ముందే చెప్పి ఉంటేనే లిఫ్టు బండి ఏర్పాటు చేస్తారు. అక్కడికక్కడ అడిగితే ఆలస్యమవుతుంది.

జవాబు 2: నెలపాస్

బస్సు గురించి నేను చెప్తాను. ఒంటరిగా, భుజాన ఒక సంచితో వచ్చేవాళ్లకు బస్సే హాయి. మీకు మాత్రం వద్దు. ఎందుకంటే సిటీ బస్సు టెర్మినల్ ముందుకి రాదు, హైవే మీదే ఆగుతుంది. అక్కడిదాకా సామానుతో నడవాలి. పైగా ఎయిర్‌పోర్టు ఉన్నది ఊరి నుంచి గాజువాక వెళ్లే వైపు. ఊళ్లోకి వెళ్లే బస్సు ఆగేది ఎదురు వైపు, అంటే హైవే దాటాలి. లారీల మధ్య, చీకటి పడ్డాక, మోకాళ్ల నొప్పితో అది అయ్యే పని కాదు.

అయినా దాటి ఎక్కేవాళ్ల కోసం: గాజువాక నుంచి కాంప్లెక్స్‌కి వెళ్లే 38 నంబరు రకం బస్సులు ఈ దారినే వస్తాయి. కాంప్లెక్స్ అంటే ఇక్కడ ద్వారకా బస్టాండే. ఆ పేరుతో అడిగితే సగం మందికి తెలియదు, "కాంప్లెక్స్" అంటే అందరికీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. బోర్డు మీద గాజువాక అని చూసి ఎక్కేస్తారు, ఆ బస్సు సింధియా, మల్కాపురం మీదుగా పోతుంది, ఎయిర్‌పోర్టు ఛాయలకే రాదు. కాలు మెట్టు మీద పెట్టకముందే కండక్టర్‌ని "ఎన్ఏడీ మీదుగానా?" అని ఒక్క మాట అడగాలి.

ఉచిత ప్రయాణం: స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు మాత్రమే. అదీ ఆంధ్రప్రదేశ్ నివాసులకే. ఆధార్, ఓటరు కార్డు లాంటిది చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తారు. అమ్మగారి ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంటే మామూలు టికెట్ తీసుకోవాల్సిందే. ఉచితం కదా అని టికెట్ లేకుండా కూర్చోకండి. సున్నా టికెట్ అయినా చేతిలో ఉండాలి, చెకింగ్‌లో అడిగేది అదే.

సోమవారం ప్రణాళిక మార్చుకోండి. ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. శనివారం సింహాచలం నుంచి తిరిగొచ్చాక సాయంత్రం అక్కడికి వెళ్లి, సోమవారం కైలాసగిరి, రుషికొండ పెట్టుకోండి. అయితే సబ్‌మెరైన్ లోపల దారి చాలా ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి కాలు ఎత్తి దాటాలి. అమ్మగారిని బయట బీచ్‌లో కూర్చోబెట్టడమే మంచిది. కైలాసగిరికి 10కె బస్సు. రుషికొండ, భీమిలికి స్టేషన్ నుంచి కాంప్లెక్స్ మీదుగా బీచ్ రోడ్డెక్కే 900కె. అది ఎక్కితే ఊరికి వచ్చిన పని సగం అయిపోయినట్టే, దారంతా సముద్రం పక్కనే. తొట్లకొండ దాకా తిరిగే డబుల్ డెక్కర్ పర్యాటక బస్సు కూడా ఉంది. ఒక టికెట్‌తో రోజంతా ఎక్కి దిగొచ్చు. కానీ పై అంతస్తుకి మెట్లున్నాయి.

జవాబు 3: లూప్_లైన్

దువ్వాడ పొరపాటు కాదండి. హౌరా నుంచి చెన్నై వైపు వెళ్లే రైలు విశాఖ స్టేషన్‌లోకి వస్తే ముందుకి పోవడానికి దారి ఉండదు. ఇంజిన్ తీసి వెనక చివర తగిలించి, వచ్చిన వైపే బయటికి లాగాలి. దానికి ఇరవై నిమిషాల దాకా పోతుంది. అందుకే కొన్ని రైళ్లు స్టేషన్‌లోకి రాకుండా సింహాచలం నార్త్ దగ్గరి బైపాస్ మీదుగా నేరుగా దువ్వాడ వెళ్లిపోతాయి. మీది ఆ కోవలోదే. విశాఖ స్టేషన్‌లో ఎంతసేపు నిలబడ్డా అది రాదు.

దువ్వాడ గాజువాక, కూర్మన్నపాలెం దాటాక వస్తుంది. జగదాంబ నుంచి ఇరవై కిలోమీటర్ల పైనే. రాత్రి రైలైనా సాయంత్రం రద్దీ తగులుతుంది కాబట్టి గంటన్నర చేతిలో ఉంచుకోండి. చాలా రైళ్లు అక్కడ రెండు నిమిషాలే ఆగుతాయి. మీ బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద ముందే చూసి అక్కడే నిలబడండి. మంగళవారం మధ్యాహ్నం ఎలాగూ ఎయిర్‌పోర్టుకి వెళ్తారుగా, సామానంతా వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లను లోపలికి పంపాక అట్నుంచి అటే గాజువాక వైపు సాగిపోవచ్చు. మళ్లీ ఊళ్లోకి రానక్కర్లేదు.

అరకు: కిరండూల్ పాసింజర్ తెల్లవారి ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ టికెట్లు ముందుగానే అయిపోతాయి, ఈ రోజే చూడండి. ఆ ఉదయం ఆటోవాడికి "మెయిన్ గేటు, ఒకటో ప్లాట్‌ఫామ్ వైపు" అని చెప్పండి. జ్ఞానాపురం వైపు దింపితే ఎనిమిదో ప్లాట్‌ఫామ్ నుంచి వంతెన మీద ఈడ్చుకుంటూ రావాలి.

తిరుగు ప్రయాణం అదే రైల్లో పెట్టుకోకండి. ఆ లైను ఇనుప ఖనిజం గూడ్సుల కోసం వేసింది. పాసింజర్ వాటికి దారిచ్చి నిలబడుతుంది. వానాకాలంలో కొండచరియలు పడితే పూర్తిగా ఆపేస్తారు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు మాట్లాడుకుని బొర్రా గుహలు, అనంతగిరి ఘాట్, శృంగవరపుకోట మీదుగా దిగడం ఇక్కడివాళ్లు చేసే పద్ధతి. ఒక్క మాట, బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి.

జవాబు 4: అప్పన్న_దారి

సింహాచలానికి జగదాంబ నుంచి రెండు దారులు. ఒకటి ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా. ఇంకోటి హనుమంతవాక, అడవివరం మీదుగా. సిటీ బస్సు కొండ కింద ఆపుతుంది, పైకి దేవస్థానం బస్సు. కారైతే టోల్ కట్టి నేరుగా పైకి వెళ్లొచ్చు, మీకు అదే మేలు.

తేదీ మాత్రం పంచాంగంతో సరిచూసుకోండి. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు చందనోత్సవం, ఏడాదికి ఒక్కరోజే చందనం పూత లేని నిజరూప దర్శనం. ఆ రోజు పెద్దవాళ్లతో మామూలు దర్శనం ఆలోచనే వద్దు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిమెట్టు, అంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక, ఎంవీపీ, మాధవధార తిరిగి ఎన్ఏడీ మీదుగానే గోపాలపట్నం చేరతారు. అంటే ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా ఎయిర్‌పోర్టు దారి కూడా చిక్కే.

ఇంకో సంగతి. గుడి నుంచి తెచ్చుకున్న కొబ్బరి చిప్పలు ఎండాక సంచిలో వేసుకుని విమానం ఎక్కకండి. ఎండుకొబ్బరికి చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ అనుమతి లేదు, నూనె వల్ల త్వరగా అంటుకుంటుందని. పవర్ బ్యాంకు సంగతి వేరు: చేతి సంచిలోనే, చెకిన్‌లో వేయకూడదు. మాడుగుల హల్వా ఎలా తీసుకెళ్లినా పర్లేదు.

మళ్లీ: కరీంనగర్_కుర్రాడు

చాలా థాంక్స్ అండి. సబ్‌మెరైన్ శనివారానికి మార్చాం. తిరుగు ఫ్లైట్‌కి నాన్నకి డిజియాత్ర (ముఖం చూసి లోపలికి పంపే యాప్) పెట్టమంటారా? భోగాపురం ఎయిర్‌పోర్టు అని కూడా వింటున్నాను, దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

జవాబు 5: కొత్తరోడ్డు_వాసి

డిజియాత్ర ఇక్కడ 2024 సెప్టెంబర్ నుంచి ఉంది. ఆధార్‌తో నమోదు, సెల్ఫీ, తర్వాత బోర్డింగ్ పాస్ ఎక్కించడం. అన్నీ ఇంటి దగ్గరే ముగించాలి, గేటు ముందు మొదలుపెడితే ఓటీపీ కోసం చూస్తూ నిలబడతారు. మనవాళ్లకు తగిలే చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, టికెట్‌లో పొడి అక్షరమో, పేరు తిరగేసో ఉంటుంది. రెండూ కలవకపోతే బోర్డింగ్ పాస్ తీసుకోదు. అలాంటప్పుడు దానితో కుస్తీ పట్టకుండా మామూలు వరుసలో ఆధార్ కార్డు చూపించి వెళ్లిపోవడం నయం. అమ్మగారు ఎలాగూ వీల్‌చైర్‌లో వెళ్తారు, నాన్నగారిని ఆవిడతోనే పంపండి. సామాను కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు అక్కడ ఉండేలా జగదాంబలో బయల్దేరండి.

భోగాపురం పూర్తిగా వేరే చోటు. అల్లూరి సీతారామరాజు పేరుతో విజయనగరం జిల్లాలో కట్టింది. రెండూ ఒకే హైవే మీద, ఊరికి చెరో వైపు. ఇది గాజువాక దారిలో, అది మధురవాడ, ఆనందపురం, తగరపువలస దాటాక, ఊరి నుంచి నలభై కిలోమీటర్ల పైన. రాకకీ, పోకకీ టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టు పేరుందో ముందు రోజు మళ్లీ చూడండి, ట్యాక్సీ పిలిచేటప్పుడు ఆ పేరే చెప్పండి. ఉత్తినే "ఎయిర్‌పోర్టు" అంటే డ్రైవర్ తనకు తోచిన వైపు తిప్పుతాడు. టికెట్ మీద భోగాపురం ఉంటే నేను పైన చెప్పిన టైములేవీ పనికిరావు, మీరు ఆ రాత్రి దువ్వాడ వెళ్లాలంటే ఊరంతా ఈ చివర నుంచి ఆ చివరకి దాటాలి.