బౌల్ మ్యాచ్ వదిలేసి డ్రాఫ్ట్‌కి సిద్ధమవడం సబబేనా?

శనివారం_ఆట

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ ముగిశాక ఎంపికైన జట్లు ఆడే మ్యాచ్ బౌల్. ఆ తర్వాత ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏడు రౌండ్లలో కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునేది డ్రాఫ్ట్. గాయం భయంతో బౌల్ మానేసి డ్రాఫ్ట్‌కి సిద్ధమయ్యేవాళ్ల గురించే నా మాట.

2023 డిసెంబరు 30, ఆరెంజ్ బౌల్. జార్జియా 63, ఫ్లోరిడా స్టేట్ 3. ఆ ఫ్లోరిడా స్టేట్ అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు, 13-0. అప్పట్లో జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో నాలుగు జట్లకే చోటు, అందులో వాళ్లని తీసుకోలేదు. ఆ తర్వాత గాయాలని కొందరు, ట్రాన్స్‌ఫర్లని కొందరు, డ్రాఫ్ట్ సన్నాహమని కొందరు, మొత్తం ఇరవై మందికి పైగా ఆ మ్యాచ్‌కి దూరమయ్యారు. మిగిలిన కుర్రాళ్లు దిగి ఆ అరవై మూడు పాయింట్లూ మోశారు.

2016 సీజన్ చివర లెనార్డ్ ఫోర్నెట్ సిట్రస్ బౌల్ మానేశాడు, స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ సన్ బౌల్ మానేశాడు. అప్పుడది వార్త. ఇప్పుడు రివాజైంది. నా వరకు ఇది ఏరు దాటి తెప్ప తగలేయడమే. ఆగస్టు ఎండలో పక్కన చెమటోడ్చినవాళ్లని ఆఖరి మ్యాచ్‌లో వదిలేయడం ఎలా సబబవుతుంది? ఒంట్లో గాయం లేనివాడు ఆడాలి. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

ఫ్రిస్కో_వాసి

లెక్కే చెప్తాను. 2016 జనవరి 1, ఫియెస్టా బౌల్, నోటర్‌డామ్ మీద ఒహాయో స్టేట్. నోటర్‌డామ్ ఆటగాడు జేలన్ స్మిత్, ఆ ఏడాది కాలేజీల్లో అందరికన్నా మంచి లైన్‌బ్యాకర్లలో, అంటే డిఫెన్స్ ముందు వరస వెనక నిలబడేవాళ్లలో, ఒకడు. డ్రాఫ్ట్‌లో మొదటి అయిదుగురిలో పోతాడని చాలామంది అంచనా. మొదటి క్వార్టర్‌లో బంతి అప్పటికే దాటిపోయింది. అతని ఎడమ కాలు గడ్డిలో దిగబడి ఉండగా ఎదుటి జట్టు ముందు వరసలో ఉండే లైన్‌మన్ తోశాడు. మోకాలు వెళ్లకూడని వైపు వెళ్లింది. మోకాలిని పట్టి ఉంచే ఏసీఎల్, ఎల్‌సీఎల్ లిగమెంట్లు రెండూ తెగాయి. వాటికన్నా పెద్ద దెబ్బ పెరోనియల్ నరానిది. పాదాన్ని పైకి ఎత్తించే నరం అది, పనిచేయకపోతే నడుస్తుంటే పాదం వేలాడిపోతుంది.

ఇప్పుడు డబ్బు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందం నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాడి మొదటి జీతం బేరమాడేది కాదు, ఎన్నో నంబరులో ఎంపికైతే అంతకే. 2016లో 5వ ఎంపికకి నాలుగేళ్లకి దాదాపు 23 మిలియన్ డాలర్లు. స్మిత్‌ని డల్లాస్ కౌబాయ్స్ 34వ ఎంపికగా తీసుకుంది, సుమారు 6.5 మిలియన్లకి. బీమా కింద వచ్చింది 9 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. మిగతా తేడా ఎవరు పూడుస్తారు?

తెప్ప సామెత ఇక్కడ అతకదు. ఏరు దాటేది ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్ రోజున. డిసెంబరులో అతను ఇంకా నడి ఏట్లోనే ఉన్నాడు.

శనివారం_ఆట

స్మిత్ కథలో సగమే చెప్పారు. 2017లో తిరిగొచ్చి 16 మ్యాచ్‌లూ ఆడాడు, 2019లో అదే కౌబాయ్స్‌తో అయిదేళ్లకి 64 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడు. బౌల్‌లో గాయమైతే జీవితం పోయినట్టే అనడం అతి.

ట్రైనింగ్_రూమ్

ఆ నరం మళ్లీ పనిచేయడాన్ని మీరు వాదనగా వాడుకోకండి. నరం తిరిగి మొలిచే వేగం రోజుకి మిల్లీమీటరు చొప్పున ఉంటుంది, అదీ మొలిస్తే. 2017లో అతను చీలమండకి బ్రేస్ కట్టుకుని ఆడాడు. అలా కోలుకుంటాడని 2016 ఏప్రిల్‌లో హామీ ఇవ్వగలిగిన డాక్టరు లేడు.

అందరూ ఏసీఎల్ గురించే మాట్లాడుతున్నారు గానీ అసలు ఇబ్బంది క్యాలెండరు. జనవరి 1న బౌల్, ఫిబ్రవరి ఆఖరున ఇండియానాపొలిస్‌లో కంబైన్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల ముందు పరుగు లాంటి పరీక్షలు. మధ్యలో ఎనిమిది వారాలు. హై యాంకిల్ స్ప్రెయిన్, అంటే చీలమండకి పైన రెండు ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు సాగడం, మానడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు. తొడ వెనక కండరం (హ్యామ్‌స్ట్రింగ్) కాస్త గట్టిగా చిరిగితే నాలుగు నుంచి ఆరు. ఇవి కెరీర్ పోగొట్టే గాయాలు కావు, మామూలు శనివారం మ్యాచ్ గాయాలే. కానీ ఆ ఎనిమిది వారాలూ మింగేస్తాయి. పాస్ అందుకునేవాళ్లని కాపు కాసే ఒక కార్నర్‌బ్యాక్ 40 గజాలు 4.40 సెకన్లలో పరుగెత్తడానికీ 4.55లో పరుగెత్తడానికీ తేడా ఒకటో రౌండుకీ మూడో రౌండుకీ ఉన్న తేడా కావచ్చు.

మానేసినవాళ్లు చేసే తప్పు కూడా చెప్పాలి. పన్నెండు పదమూడు మ్యాచ్‌లు ఆడిన కాళ్లతో నేరుగా స్ప్రింట్ ట్రైనింగ్‌కి వెళ్తారు. మూడో వారంలో హ్యామ్‌స్ట్రింగ్ పట్టేస్తుంది. ముందు పది పద్నాలుగు రోజులు తేలిక పనే చేయాలి: సైకిల్, ఈత, తుంటి కదలికలు. ఆ తర్వాత స్టార్ట్ భంగిమ, మొదటి పది గజాలు. పూర్తి వేగం ఆఖర్న. ఈ రెండు వారాల విశ్రాంతి పాటించనివాడికి బౌల్ మానేసిన ఫలితం సగం పోయినట్టే.

ఎడమ_టాకిల్

అందరూ మానేసే ఆటగాడి గురించే మాట్లాడుతున్నారు. అతని వెనక నిలబడేవాడి మాటేంటి?

2021 డిసెంబరు 30, పీచ్ బౌల్, పిట్ (పిట్స్‌బర్గ్) మీద మిషిగన్ స్టేట్. పిట్ ఆట నడిపించి పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ మానేశాడు. బదులు దిగిన నిక్ పాటీకి మొదటి క్వార్టర్‌లోనే, బంతితో ఆఖరి గీత దాటి టచ్‌డౌన్ చేస్తూ, కాలర్ బోన్ దగ్గర దెబ్బ తగిలింది. ఇక మూడోవాడు మ్యాచ్ ముగించాడు. పిట్ 31-21తో ఓడింది. పికెట్ 20వ ఎంపికగా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు స్టీలర్స్‌కి వెళ్లాడు. అతని లెక్క సరిగానే కుదిరింది, ఒప్పుకుంటాను. పాటీ లెక్క ఎవరు వేశారు?

లైన్‌మన్ మానేస్తే ఇంకా ప్రమాదం. పాసులు అందుకునే వైడ్ రిసీవర్ లేకపోతే పాసులు తగ్గుతాయి, అంతే. లైన్‌లో ఎడమ చివర కాపు కాసే ఎడమ టాకిల్ లేకపోతే క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని వైపు తలుపు తెరిచినట్టు. సీజనంతా రెండో వరసలో ఉన్న కుర్రాడు అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎదుటి జట్టు మేటి ఎడ్జ్ రషర్ ముందు మొదటిసారి నిలబడతాడు. లైనంతా ఒకేసారి పక్కకి జరిగి కాపాడే స్లైడ్ ప్రొటెక్షన్ అతని వైపు తిప్పాలి, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌ని పాసుకి పంపకుండా ఆపి ఉంచాలి, పాసుకి ముందు క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అయిదు అడుగుల్ని మూడుకి కుదించాలి. ఈ మార్పులన్నీ ప్రాక్టీసులో నేర్పాలంటే కోచ్‌కి కనీసం రెండు వారాలు కావాలి. మ్యాచ్‌కి మూడు రోజుల ముందు చెప్తే ఏదీ కుదరదు.

అందుకే నాకు మానేయడం మీద కోపం లేదు, ఆలస్యంగా చెప్పడం మీద ఉంది. కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) ఛాంపియన్‌షిప్ అయ్యాక, మొదటి బౌల్ ప్రాక్టీసుకి ముందే చెప్పాలి. చెప్పాక కూడా వీడియో గదిలో బదులు ఆటగాడి పక్కన కూర్చోవాలి. ఎదుటి రషర్ ఏ చెయ్యి ముందు వేస్తాడు, ఎప్పుడు లోపలికి తిరుగుతాడు, ఆ రెండు సంగతులు చెప్పినా చాలు.

ఏజెంటు విషయం కూడా జాగ్రత్త. ప్రొఫెషనల్ ఆట కోసం ఏజెంటుతో సంతకం పెట్టిన క్షణమే కాలేజీ అర్హత పోతుంది. ట్రైనింగ్ ఖర్చు ఏజెంటు భరిస్తాడని ముందే ఒప్పుకుంటే, తర్వాత మనసు మారి ఆడదామన్నా కుదరదు.

శనివారం_ఆట

ఎడమ_టాకిల్ గారూ, నా మాటే మీరు ఇంకా బాగా చెప్పారు.

ఫ్రిస్కో_వాసి

పాటీ సంగతి బాధాకరమే. కానీ అదే అవకాశం వేరేవాళ్లకి దారి చూపింది కదా. 2022 జనవరి 1 రోజ్ బౌల్‌లో ఒహాయో స్టేట్ తరఫున రిసీవర్లు గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే మానేశారు. జాక్సన్ స్మిత్-ఎన్జిగ్బా 15 క్యాచ్‌లు, 347 గజాలు, 3 టచ్‌డౌన్లు. యూటా మీద 48-45తో గెలిచారు. డ్రాఫ్ట్‌లో విల్సన్ 10వ ఎంపిక, ఒలావే 11వ ఎంపిక. తర్వాతి సీజన్‌లో స్మిత్-ఎన్జిగ్బా హ్యామ్‌స్ట్రింగ్‌తో మూడే మ్యాచ్‌లు ఆడాడు, అయినా 2023లో 20వ ఎంపిక. చూపించుకోవడానికి ఆ రోజ్ బౌల్ వీడియో ఉంది.

మెక్‌కాఫ్రీ మానేసిన సన్ బౌల్‌లో అతని బదులు పరుగెత్తింది బ్రైస్ లవ్. స్టాన్‌ఫర్డ్ 25-23తో గెలిచింది. మరుసటి ఏడు లవ్ 2118 గజాలు పరుగెత్తి కాలేజీల్లో మేటి ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ ఓటింగులో రెండోవాడయ్యాడు. ఆ ఊపులో డ్రాఫ్ట్‌కి వెళ్లకుండా ఇంకో ఏడాది కాలేజీలోనే ఉన్నాడు. 2018 డిసెంబరు 1న కాల్ (కాలిఫోర్నియా) జట్టు మీద ఆఖరి రెగ్యులర్ మ్యాచ్‌లో ఏసీఎల్ తెగింది. నాలుగో రౌండులో 112వ ఎంపిక. విధేయత చూపినవాడికి ఆట తిరిగిచ్చిందేమిటో చూడండి.

శనివారం_ఆట

మీ ఉదాహరణే మీకు అడ్డొస్తోంది. లవ్ గాయం బౌల్‌లో కాలేదు, రెగ్యులర్ సీజన్‌లో అయ్యింది. అంటే ప్రమాదం ప్రతి మ్యాచ్‌లోనూ ఉంది. మరి నవంబరులో ఎందుకు మానేయరు? అక్టోబరులో ఎందుకు మానేయరు?

ట్రైనింగ్_రూమ్

మానేశారు. 2018 సెప్టెంబరులో నిక్ బోసాకి పొత్తికడుపు కండరాల దగ్గర గాయమైంది. అక్టోబరులోనే ఒహాయో స్టేట్ జట్టు వదిలి కోలుకోవడం మీద పడ్డాడు. 2019లో 2వ ఎంపిక. 2020లో జమార్ చేజ్ సీజన్ మొత్తం ఆడలేదు, 2021లో 5వ ఎంపిక.

ప్రమాదం ప్రాక్టీసులోనూ ఉంది. ఆరెగాన్ కార్నర్‌బ్యాక్ ఇఫో ఎక్‌ప్రే-ఒలోము 2014 డిసెంబరులో రోజ్ బౌల్‌కి ముందు ప్రాక్టీసులో ఏసీఎల్ తెంచుకున్నాడు. మ్యాచ్ గడ్డి మీద కాలు కూడా పెట్టలేదు. ఏడో రౌండుకి జారాడు. మ్యాచ్ ఆడను గానీ ప్రాక్టీసుకి పూర్తిగా వస్తాను అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వీడియో గదికి రండి, ఒకరినొకరు గుద్దుకునే డ్రిల్స్‌కి వద్దు.

ప్రీమియం_లెక్క

ఎక్‌ప్రే-ఒలోముకి బీమా కింద 3 మిలియన్ డాలర్లు వచ్చాయి. అది చూసి బీమా ఉంటే చాలనుకుంటారు, అంత తేలిక కాదు.

రెండు రకాలు. మొదటిది శాశ్వత వైకల్యానికి: ఇక ఎప్పటికీ ఆడలేడని తేలితేనే డబ్బు. రెండోది విలువ తగ్గినందుకు, దీన్ని మొదటిదానికి అదనంగా జోడిస్తారు. అంచనా వేసిన ఎంపిక నుంచి పాలసీలో రాసిన గీతకి కిందికి జారితే, ఆ జారడానికి గాయమే కారణమని రుజువైతే చెల్లిస్తారు. ఈ రెండో షరతే చాలామంది చదవరు. 2024 డిసెంబరు 28న అలామో బౌల్‌లో ట్రావిస్ హంటర్, షెడ్యూర్ శాండర్స్ ఇద్దరూ బీమాతో కొలరాడో తరఫున ఆడారు. ఎదుటి జట్టు బీవైయూ 36-14తో గెలిచింది. హంటర్ 2వ ఎంపిక, శాండర్స్ అయిదో రౌండులో 144వ ఎంపిక. శాండర్స్ జారడం గాయం వల్ల కాదు. అలాంటి జారుడుకి ఈ రకం పాలసీ పైసా ఇవ్వదు.

పాత గాయం దరఖాస్తులో రాయకపోతే ఇంకో గొడవ. యూఎస్‌సీ రిసీవర్ మార్కీస్ లీ 2014లో రెండో రౌండుకి, 39వ ఎంపికకి వచ్చాడు. వైద్య వివరాలు పూర్తిగా చెప్పలేదని బీమా సంస్థ చెల్లించనంది, అతను కోర్టుకెక్కాల్సి వచ్చింది. కాబట్టి ట్రైనింగ్ గదిలో కట్టిన ప్రతి ఐస్ ప్యాక్ నమోదూ దరఖాస్తుకి జతచేయండి.

ఫ్రిస్కో_వాసి

ఎవరు మానేయాలి అన్న ప్రశ్నకి జవాబు ఎన్‌ఎఫ్‌ఎల్ దగ్గరే ఉంది. చదువు పూర్తికాని ఆటగాళ్లకి దాని సలహా కమిటీ మూడే మాటలు చెప్తుంది: మొదటి రౌండు, రెండో రౌండు, రెండూ కాదు. మొదటి రౌండన్నవాడికి బౌల్‌లో గెలుచుకునేది దాదాపు ఏమీ లేదు, పోగొట్టుకునేది చాలా. "రెండూ కాదు" అన్నవాడు మానేస్తే నాకూ అర్థం కాదు. 2016 ఆరెంజ్ బౌల్‌లో మిషిగన్ టైట్ ఎండ్ జేక్ బట్ ఏసీఎల్ తెంచుకుని అయిదో రౌండుకి, 145కి జారాడు, నిజమే. కానీ నాలుగో రౌండు అంచనా ఉన్నవాడికి పేరున్న జట్టు మీద ఆడిన అరవై స్నాపుల, అంటే బంతి ఆటలోకి వచ్చిన అరవై సార్ల, వీడియో కంబైన్ సమయాలకన్నా విలువైనది.

శనివారం_ఆట

సరే, మొదటి రౌండు కుర్రాళ్ల విషయంలో మీ లెక్కకి నా దగ్గర బదులు లేదు. 2022 జనవరి 1న టీవీలో వ్యాఖ్యాత కర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఈ తరానికి ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదన్నట్టు మాట్లాడాడు, తర్వాత అందర్నీ కలిపి అనలేదని సర్దుకున్నాడు. ఆ రాత్రే షుగర్ బౌల్ ఆడటానికి దిగిన ఓల్ మిస్ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ కొరాల్ చీలమండ గాయంతో ఊతకర్రల మీద కనిపించాడు. డ్రాఫ్ట్‌లో 94వ ఎంపిక. గాయం ఒక్కటే కారణం అనను. ప్రేమ కొలిచే మాటలు మాత్రం ఇక వాడను.

కానీ డబ్బు మాట ఇప్పుడు మారింది. 2025 జులై 1 నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకి నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి 20.5 మిలియన్ల పరిమితి. జీతం తీసుకునేవాడికి ఆఖరి మ్యాచ్ కూడా పనిలో భాగమే. ఒప్పందంలో జనవరి విడత బౌల్ ఆడితేనే అని రాయాలి.

ఎడమ_టాకిల్

రాయండి, అయితే బీమా ప్రీమియం కూడా విశ్వవిద్యాలయమే కట్టాలని అదే పేరాలో రాయండి. ఒకటి లేకుండా రెండోది అన్యాయం.

సగం ఆట ఒప్పుకోకండి. 2024 డిసెంబరు 28న పాప్-టార్ట్స్ బౌల్‌లో మయామీ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మొదటి సగం ఆడి ఆగిపోయాడు. అప్పటికి మయామీ 31-28తో ముందుంది, చివరికి అయోవా స్టేట్ 42-41తో గెలిచింది. వార్డ్ 2025లో మొదటి ఎంపిక. అతనికి నష్టం లేదు. కానీ బదులు వచ్చేవాడు చల్లబడిన ఒంటితో మూడో క్వార్టర్‌లో దిగుతాడు, లైన్‌మన్లు రెండు గొంతుల స్నాప్ కౌంట్‌కి, అంటే బంతి ఇవ్వమని క్వార్టర్‌బ్యాక్ పిలిచే పిలుపుకి, ఒకే రాత్రి అలవాటు పడాలి.

శనివారం_ఆట

ప్రీమియం షరతుకి ఒప్పుకుంటున్నాను. ఆ విడత ఎంత ఉండాలో చెప్పండి. మొత్తంలో పదో వంతు పెడితే మొదటి రౌండు కుర్రాడు నవ్వి వదిలేసుకుంటాడు, మూడో వంతు పెడితే మోకాలు నొప్పి దాచుకుని మరీ దిగుతాడు.

ట్రైనింగ్_రూమ్

అందుకే ఆడగలడా లేదా తేల్చే డాక్టరు జట్టు జీతం మీద ఉండకూడదు. ఆ ఒక్కటి తేలాకే విడత ఎంతో మాట్లాడదాం.